చందమామ మీద కలుద్దామన్న పెద్దమనిషి

విశాఖపట్నం,
ఆదివారం, భోజనాలయ్యాక

ఒరేయ్ కెప్టెన్,

తిట్టుకుంటూనే ఉండుంటావు, తిట్టుకో. నీ ఉత్తరం వచ్చి ఎన్నాళ్ళో అయింది. రేవు చేరినప్పుడే కదా నీకు మెయిళ్ళు దిగేది, అందుకని ముక్కలు ముక్కలుగా కాకుండా ఒకేసారి దండిగా రాద్దామనుకున్నా. ఆ కూచోడానికే ఇంత ఆలస్యం. షిఫ్టులు కూడా మార్చేశార్లే, ఆ గోల తర్వాత.

గబగబా వార్తలు: ఇంట్లో అందరూ క్షేమం. నాన్న ఈసారీ సింహాచలం గిరి ప్రదక్షిణ నడిచారు, 32 కిలోమీటర్లూ. ఇప్పుడు మెట్టెక్కాలంటే గోడని అడుగుతున్నారు. చెల్లికి సంబంధాలు చూస్తున్నారు, అది ఎవర్నీ చూడటం లేదు. మీ అమ్మగారు రైతుబజార్లో కనపడ్డారు, బాగున్నారు, నువ్వు ఫోటోల్లో చిక్కిపోయావని బెంగ. మన గొడుగు సారు రిటైరయ్యాడు. గొడుగు ఇంకా నా దగ్గరే ఉంది, నోరు మూసుకో. అయిపోయాయి వార్తలు.

ఇక గాంటర్ ఓడిమ్, మన విచ్చర్ 3 వీడియో గేమ్‌లో కోరికలు తీర్చి పత్రాలు రాయించుకునే ఆ మాయగాడు.

నవ్వకు. ఓడెక్కే ముందు రోజు బీచ్‌లో పిడత కింద పప్పు తింటూ నువ్వో మాట అనేసి పోయావు చూడు: "వాడు దెయ్యంరా, దెయ్యానికి ఆత్మలు కావాలి, ఇంకేటుంది ఆలోచించడానికి" అని. కాగితం నలిపి డబ్బాలో పడేసి స్కూటరెక్కేశావు. నాకు మాత్రం ఆ మాట మింగుడు పడలేదు. అందుకే విచ్చర్ 3 మళ్ళీ ఎక్కించా. అసలు కథ జోలికి పోలేదు, తిన్నగా దానికి అదనంగా వచ్చిన కథ, హార్ట్స్ ఆఫ్ స్టోన్ మొదలెట్టా. అది 2015 అక్టోబర్ 13న వచ్చింది, అంటే హుద్‌హుద్ పోయిన ఏడాదికి మర్నాడు. అప్పుడు మా డాబా మీద ఇంకా రేకులు సరిగ్గా లేవు, నీకు గుర్తుండాలి, ఎందుకు గుర్తుండాలో కూడా నీకు తెలుసు.

ఈసారి ఆడింది నేనొక్కణ్ణే కాదు, అదీ విశేషం. నాన్నమ్మకి కన్ను ఆపరేషనైంది. కళ్ళజోడు కొత్తది, హుషారు కూడా కొత్తదే. సీరియళ్ళలో అందరూ ఒకేలా ఏడుస్తున్నారని విసుగొచ్చి నా వెనక మంచం మీద చేరింది. చెల్లి పక్కన కూచుని ఆ ఇంగ్లీషు మాటలన్నీ అప్పటికప్పుడు తెలుగు చేసి చెప్పేది. ఆటలో హీరో గెరాల్ట్‌ని "తెల్లజుట్టోడు" అంటుంది నాన్నమ్మ. ఓడిమ్‌ని మొదట "ఆ పెద్దమనిషి" అంది. రెండో రోజుకి "ఆడు" అయ్యాడు.

ఇంతకీ ఆ మొదటి సీను గుర్తుందా నీకు? అసలు ఆటలో, వైట్ ఆర్చర్డ్ సత్రంలో, ఓ మూల బల్ల దగ్గర కూచుని ఉంటాడు. దారినపోయే వర్తకుడి వాలకం. గెరాల్ట్ తన ప్రియురాలు యెన్నిఫర్ కోసం వెతుకుతుంటే, నిల్ఫ్‌గార్డ్ సైనికుల కోటలో అడుగు, తెలుస్తుందంటాడు. పైసా తీసుకోడు. అప్పుడు మనకి వాడు లెక్కలోనే లేడు. ఇది చెల్లి చెప్పగానే నాన్నమ్మ అంది కదా, "ఊరికే చెప్పినోడికి బాకీ పడిపోయినట్టేరా నాయనా." నాకు ఒళ్ళు జలదరించింది. కథలో తర్వాత అదేగా జరిగింది! ఓఫియర్ దేశం వాళ్ళు గెరాల్ట్‌ని పట్టుకుని ఓడలో కటకటాల్లో పెట్టినప్పుడు, అప్పుడు మళ్ళీ ప్రత్యక్షమవుతాడు, పాత పరిచయం గుర్తు చేస్తాడు, విడిపిస్తానంటాడు. మొహం మీద గుర్తు పడిపోయింది, అంతే సంగతులు. (నువ్వూ ఓడలోనే ఉన్నావు. ఎవడైనా పెద్దమనిషి వచ్చి సాయం చేస్తానంటే వద్దని చెప్పు.) ఆ తర్వాత అర్ధరాత్రి నాలుగు రోడ్ల కూడలిలో కలవమంటాడు. నాన్నమ్మ వెంటనే, "నిమ్మకాయలు తొక్కకుండా ఎల్లమను."

సరే, సంగతికొస్తా. ఓల్గియెర్డ్ అని ఓ జమీందారు ఆస్తి పోగొట్టుకున్నాడు, ప్రేమించిన ఐరిస్‌ని చేసుకోనివ్వలేదు, ఓడిమ్‌తో ఒప్పందం రాసుకున్నాడు. చావు లేకుండా బతకడం వచ్చింది, గుండె రాయైంది, తమ్ముడు వ్లోదిమిర్ బలైపోయాడు. కావాలనుకున్న పెళ్ళామేమో చేతిలోనే ఉండి, ప్రేమ లేక ఎండిపోయింది. ఇంత పోగొట్టుకున్నవాడు పత్రంలో మాత్రం తెలివిగా రెండు మెలికలు పెట్టుకున్నాడు: మధ్యవర్తి ద్వారా తన మూడు కోరికలు తీరాలి, ఆపైన ఇద్దరూ చంద్రుడి మీద కలవాలి. అప్పుడే ఆత్మ ఇచ్చేది. కోరికలు కూడా తీరనివే ఏరాడు: చచ్చిపోయిన తమ్ముడికి ఒక్క రాత్రి సరదా చూపించాలి, బోర్సోడీ అనేవాడి ఇల్లు తెచ్చివ్వాలి, చివరిసారి ఐరిస్‌కిచ్చిన ఊదారంగు గులాబీ తేవాలి. మధ్యవర్తిగా గెరాల్ట్ మూడూ తీర్చేశాడు. ఇక చంద్రుడెక్కడ? ఎవడెళ్తాడు? అని ఓల్గియెర్డ్ ధీమా. తీరా చూస్తే పాడుబడ్డ లిల్వానీ గుడిలో నేల మీద పరిచిన రాళ్ళలో చంద్రుడి బొమ్మ! దాని మీదే నిలబడి ఉన్నారు ముగ్గురూ.

ఇక్కడే మంచం మీంచి లేచి కూచుంది నాన్నమ్మ. "ఇది మన అప్పన్న కథేరా!"

అవును కదా. పగలు కాదు రాత్రి కాదు, ఇంట కాదు బయట కాదు, మనిషి కాదు మృగం కాదు అని హిరణ్యకశిపుడు ఒక్కో షరతూ పేర్చుకున్నాడు. చివరికి సంధ్యవేళ, గడప మీద. ప్రతి ఏడాదీ చందనోత్సవానికి క్యూలో నిలబడిన వాణ్ణి, చందనం కింద స్వామి నిజరూపం చూడాలని మెడ సాచిన వాణ్ణి, నాకు ఇన్నాళ్ళూ ఇది తట్టలేదు, చూడు. ఈ ఆట చేసినవాళ్ళు వార్సా వాళ్ళు. వాళ్ళ పోలండ్‌లో ట్వార్డోవ్‌స్కీ అని ఓ పాతకాలపు జానపద కథ ఉంది. ఆయన దెయ్యంతో, నా ఆత్మ రోమ్ నగరంలోనే తీసుకోవాలని రాయించుకుంటాడు, జన్మలో అటు వెళ్ళకూడదని పథకం. దెయ్యం వాణ్ణి 'రోమ్' అని పేరున్న సత్రంలో పట్టేస్తుంది. చివరికి ఆ ట్వార్డోవ్‌స్కీ చంద్రుడి మీద చిక్కుకుపోయాడని చెప్తారు. ఓల్గియెర్డ్ షరతులో చంద్రుడు ఊరికే రాలేదన్నమాట!

అయితే నాన్నమ్మ అడిగిన ప్రశ్న వేరు. "మరైతే ఇక్కడ రాక్షసుడెవడ్రా? షరతులు పెట్టినోడా, సందు ఎతికినోడా?"

దానికి ఆ రాత్రి జవాబు దొరకలేదు. కరివేపాకు తుంపుతున్న అమ్మ వంటింట్లోంచే, "షరతులు పెట్టుకున్నవాడే బుద్ధి తక్కువవాడు" అని తీర్పిచ్చేసింది. చెల్లి సిద్ధాంతం వేరు. దాని లెక్కలో ఓడిమ్ అద్దం. వాడికంటూ దురుద్దేశం లేదు. ఎదటివాడి కోరిక ఎంత కుళ్ళుగా ఉంటే అంత కుళ్ళుగా తిరిగొస్తుంది. వాడే తనని అద్దాల వ్యాపారినంటాడు, జనం గాజు మనిషి అంటారు. పైగా ఎప్పుడూ అబద్ధం ఆడడు, అడిగినదానికంటే ఎక్కువా ఇవ్వడు, తక్కువా ఇవ్వడు. ఇంకో ముగింపు కూడా ఆడించింది నా చేత: ఓల్గియెర్డ్‌ని వాడికి వదిలేస్తే, ప్రతిఫలంగా ఏం కావాలో కోరుకోమంటాడు. డబ్బు కోరొచ్చు, ఎంత తాగినా ఖాళీ కాని సీసా కోరొచ్చు. నేను సిరి సంగతి అడిగా. పెంచిన కూతురితో ఎలా మసలుకోవాలో చెప్పాడు. ఏ తండ్రికైనా పనికొచ్చే సలహా, నిజంగా పనిచేసే సలహా! "చూశావా, నువ్వు మంచి అడిగితే మంచే వచ్చింది" అంది చెల్లి, లాయర్ ఫోజులో.

బాగుంది. కానీ చెంచా?

సత్రంలో కూచుని ఓడిమ్, గెరాల్ట్ మాట్లాడుకుంటుంటే ఓ తాగుబోతు మధ్యలో తలదూరుస్తాడు చూడు. వీడు చప్పట్లు కొట్టి కాలాన్నే ఆపేస్తాడు. చెయ్యి గాల్లో, నురగ గాల్లో, అంతా బొమ్మలైపోతారు. మాటలు పూర్తిచేసుకుని, లేచి పోతూ పోతూ, ఆ కదల్లేని తాగుబోతు కంట్లో చెక్క చెంచా దింపేస్తాడు. ఆ తాగుబోతు ఏం కోరాడు? ఏ పత్రం మీద వేలిముద్ర వేశాడు? అద్దానికి చిరాకెందుకొస్తుంది? చెల్లి దగ్గర జవాబు లేదు, "అది కోపం" అని గొణిగింది. మరదే నేను చెప్పేది! కోపం ఉందంటే వాడికంటూ ఓ మనసుందన్నమాట.

కెప్టెన్, ఇది జాగ్రత్తగా చదువు, నీ దెయ్యం సిద్ధాంతం కూడా ఇక్కడే పోతుంది. కాలాన్ని ఆపగలవాడు, ఓ ప్రాణం తియ్యడానికి చెంచా చాలినవాడు, ఓల్గియెర్డ్ ఆత్మ కోసం ఏళ్ళ తరబడి ఎందుకు తిరుగుతున్నాడు? మధ్యవర్తులెందుకు, గులాబీలెందుకు, చంద్రుడి బొమ్మలెందుకు? ఒక్క చప్పట్లో అయిపోయే పని. ఆత్మలే కావాలంటే పద్దులు అక్కర్లేదు. వాడికి కావలసింది ఆత్మ కాదు, సంతకం. ఎదటివాడు తన నోటితో అడగాలి, తన చేత్తో రాయాలి, చివర్లో "నేనే కదా అడిగాను" అని కుమిలిపోవాలి. పూర్ణా మార్కెట్లో మీ తాతగారికి అప్పిచ్చిన ఆయన లేడూ, వడ్డీ వసూలుకొచ్చి కాఫీ తాగి "నేనేమైనా రమ్మన్నానా, మీరే గుమ్మంలోకొచ్చారు" అనేవాడు? అచ్చం వాడే. "నేను అద్దాన్ని" అన్నది ఓడిమ్ స్వభావం కాదురా, సాకు. నమ్మినవాళ్ళు చెల్లిలాగా వాడి తరఫున వాదిస్తారు కూడా.

నాన్నమ్మ ప్రశ్నకి కూడా ఇందులోంచే ఏదో దొరికిందనిపించింది. స్తంభంలోంచి వచ్చినాయన ప్రహ్లాదుడు పిలిస్తే వచ్చాడు. సందు వెతికింది ఒకర్ని కాపాడ్డానికి. ఇక్కడ ప్రహ్లాదుడు ఎక్కడున్నాడు? ఎవడూ పిలవలేదు. ఈ మాట చెప్తే, "పిల్లాడుంటేనే సామి" అంది. అని పడుకుంది.

కానీ నన్ను నిద్రపోనివ్వనిది ఇది కాదు. రెండున్నాయి.

ఒకటి. "అసలు నువ్వెవరు" అని గెరాల్ట్ అడుగుతాడు. అడిగినవాడికల్లా అడిగింది ఇచ్చేవాడు, ఇది మాత్రం ఇవ్వనంటాడు! నీ మీద దయతో ఈ ఒక్కసారి నీ కోరిక తీర్చను, నా అసలు పేరు తెలిసినవాళ్ళు పోయారు, లేదా పిచ్చివాళ్ళయ్యారు అనే అర్థంలో ఏదో అంటాడు. ఆక్సెన్‌ఫర్ట్‌లో ఆ షేక్స్‌లాక్ పంతులు కూడా వాడి గురించి తవ్వీ తవ్వీ, చివరికి వాడి నుంచి రక్షగా చుట్టూ గీసుకున్న గీతలోంచి బయటికొచ్చి చచ్చాడు కదా. నాకు మొదట అది బెదిరింపే అనిపించింది. ఈసారి విన్నప్పుడు గొంతులో ఇంకేదో వినపడింది. చూడొద్దు అంటున్నట్టు.

రెండోది. ఓల్గియెర్డ్‌ని కాపాడ్డానికి గెరాల్ట్ పందెం కాసినప్పుడు వాడెందుకు ఒప్పుకున్నాడు? పని అయిపోయింది, ఆత్మ చేతికొచ్చింది, పోవచ్చు. ఒప్పుకున్నాడు! పైగా ఇచ్చిన పొడుపుకథ ఏంటి? చెల్లి దాన్ని తెలుగు చేసింది: నువ్వేడిస్తే ఏడుస్తా, నువ్వు నవ్వితే నవ్వుతా, కొట్టినా నాకు నొప్పుండదు, పిల్లలకి నేనంటే ముద్దు, ముసలివాళ్ళకి భయం... అది పూర్తవ్వకుండానే నాన్నమ్మ, "అద్దమేగా" అంది. తెల్లజుట్టోడు ఇంకా ఆ మాయలోకంలో పడి పరిగెడుతున్నాడు, టైం అయిపోతోంది. నాన్నమ్మ ఇంకా అరుస్తోంది, "అద్దంరా! అద్దం సూడు!" చూస్తే అద్దం దగ్గరికి వెళ్ళేసరికి పగిలిపోతుంది. చివరికి గోడ పగలగొట్టి, ఎండిన ఫౌంటెన్‌లోకి నీళ్ళు వదిలి, ఆ నీళ్ళలో తన నీడ చూసుకోవాల్సొచ్చింది.

అంటే తన గురించే పొడుపుకథ వేశాడు, జవాబు కనపడకుండా దాచాడు. చంద్రుణ్ణి నేల మీద వెతికిన బుర్రకి దీనికంటే కష్టమైన ప్రశ్న దొరకదా? నాన్నమ్మ రెండు సెకన్లలో విప్పే ప్రశ్న వేస్తాడా? గెలవాలనే ఉన్నవాడు అలా చేస్తాడా? పేరు చెప్పనన్నవాడే తన పేరుని ప్రశ్నగా ఎందుకు పెట్టుకున్నాడు? చెల్లి ఏమో గర్వం అంటుంది, ఎవడూ విప్పలేడని ధీమా. నాకేమో... చెప్తే నవ్వుతావు. ఇన్ని వందల ఏళ్ళు అందరి కోరికలూ వింటూ తిరిగినవాణ్ణి ఎవరో ఒకరు ఒక్కసారైనా, నీకేం కావాలని కాకుండా, వీడెవరు అని... లేదు, లేదు, వద్దు, చెంచా గుర్తొస్తోంది మళ్ళీ. జాలి పడకూడదు వాడి మీద. పడితే నేనూ సంతకం పెట్టినట్టే. కానీ ఆ పందెం సంగతి మాత్రం నువ్వు ఆలోచించు. నీకు రాత్రిళ్ళు వాచ్‌లో పనేముంటుంది, సముద్రం చూడ్డం తప్ప. "దెయ్యం అంతే" అని మళ్ళీ రాశావో, ఆ గొడుగు కథ మీ అమ్మగారికి చెప్పేస్తా.

అన్నట్టు ఓల్గియెర్డ్ బతికితే ఐరిస్ అని పేరున్న కత్తి ఇస్తాడు కదా. ఆ పేరే ఎందుకు పెట్టుకున్నాడు, దాన్నే ఎందుకు వదిలించుకున్నాడు అని నాకో అనుమానం, దాని మీద చెల్లికీ నాకూ పెద్ద

ఒరే, కంపెనీ బస్సు హారన్ కొడుతున్నాడు, వీధి మలుపులోనే ఉన్నాడు, చెప్పులు కనపడటం లేదు. పంపేస్తున్నా.

చంటి