వయసు మళ్లిన గే పురుషుడు సోకు మానుకోనక్కర్లేదు, కొలతలు మళ్లీ తీయించుకోవాలి

సంపాదకులకు నమస్కారం.

మగవాళ్ల దుస్తుల గురించి పత్రికల్లో వచ్చే శీర్షికలు దాదాపు అన్నీ పాతికేళ్ల ఒంటిని దృష్టిలో పెట్టుకొని రాసినవే. పెద్దవాళ్ల ఊసు ఎప్పుడైనా ఎత్తితే ‘హుందాగా, లేత రంగుల్లో’ అన్న మాటతో సరిపెడతారు. వయసు మళ్లిన గే పురుషుడికి ఈ రెంటిలోనూ చోటు లేదు. ఇంట్లోవాళ్లు ఆయన ఎవరి కంటా పడకుండా ఒదిగి ఉండాలనుకుంటారు. తోటి గే కుర్రవాళ్ల మధ్యకు వెళితే బిగుతు టీషర్టు, సన్నకాళ్ల ప్యాంటు లేనిదే ఆయన్ని లెక్కలోకి తీసుకోరు. రెండూ అన్యాయమే. బట్టలు కుట్టే వృత్తిలో ఉన్నవాడిగా నేను చెప్పదలచుకున్నది ఆయన సోకు తగ్గించుకోనక్కర్లేదని, టేపు పట్టించి ఒంటి కొలతలు మళ్లీ తీయించుకోవాలని.

అరవై దాటాక బరువు పెరిగినా పెరగకపోయినా ఒంటి తీరు మారుతుంది. వీపు పైభాగం కాస్త వంగుతుంది, తల ముందుకు వస్తుంది, మెడ సన్నబడుతుంది, పిరుదుల కండ తగ్గుతుంది, పొట్ట ముందుకు వస్తుంది. నలభై ఏళ్లప్పటి సైజు నంబరు పట్టుకొని కొంటే ఇక ఏదీ కుదరదు. కుదరని బట్టే మనిషిని పెద్దవాడిగా చూపిస్తుంది. వంగిన వీపు కాదు.

అన్నిటికన్నా ముందు కోటులో తెలుస్తుంది. కోటు తొడుక్కొని మామూలుగా నిలబడండి, ఛాతీ విరుచుకోవద్దు. పక్కనుంచి ఇంకొకరిని చూడమనండి. మెడ వెనక కాలరుకూ చొక్కాకూ మధ్య సందు కనిపిస్తోందా? వెనక అంచు పైకి లేచి ఒంటికి దూరంగా నిలబడుతోందా? ముందు భాగాలు రెండూ కిందికి జారి ఒకదాని మీదికి ఒకటి వస్తున్నాయా? ఈ మూడూ కలిసి కనిపిస్తే కోటు వదులు కాదు, బిగుతూ కాదు. వీపు వంపును కప్పడానికి వెనక పొడవు చాలడం లేదు. కొత్త కోటు కుట్టించుకునేటప్పుడు మెడ దగ్గర వెనక ముక్కకు వంపును బట్టి 1 నుంచి 2 సెంటీమీటర్ల పొడవు కలిపి, ముందు ముక్కకు ఆ మేరకు తగ్గించాలి. కుట్టేసిన కోటైతే కాలరు విప్పి చూడాలి. లోపల వదిలిన గుడ్డ సెంటీమీటరు ఉంటే అంతవరకే సర్దగలరు. చాలామంది దర్జీలు ఆ శ్రమ పడలేక భుజాల్లో దూది దట్టిస్తారు. దాంతో భుజాలు పైకి లేస్తాయి, మెడ ఇంకా లోపలికి పోయినట్టు ఉంటుంది, అసలు లోపం అలాగే ఉంటుంది. ఒప్పుకోకండి. భుజం కుట్టు భుజపు ఎముక అంచు దగ్గరే ఆగాలి. చంక కింద కోత ఎంత పైకి ఉంటే చెయ్యి ఎత్తినప్పుడు కోటు అంత తక్కువ లేస్తుంది. చేతి పొడవు మణికట్టు ఎముక దాకా చాలు, చొక్కా కఫ్ బయటికి ఒక సెంటీమీటరు కనిపించాలి.

చొక్కాకు మెడ కొలత మెడ మొదట్లో తీసి, అరంగుళం కలపాలి. గుండీ పెట్టాక కాలరులో ఒక వేలు దూరితే చాలు. రెండు వేళ్లు హాయిగా దూరితే సన్నబడ్డ మెడ చుట్టూ కాలరు వేలాడి, మనిషి జబ్బుపడి లేచినట్టు కనిపిస్తాడు. కాలరు కింది పట్టీ ఎత్తు మూడున్నర సెంటీమీటర్లు ఉంటే మెడ మీది ముడతల్లో చాలా భాగం దానికిందే ఉండిపోతుంది. మెడ పొట్టిగా ఉన్నవారికి మూడు చాలు. ఛాతీ దగ్గర 10 నుంచి 12 సెంటీమీటర్ల వదులు పెట్టించండి. పొట్ట కొలత మాత్రం కూర్చున్నప్పుడు తీయించాలి, ఎందుకంటే కూర్చుంటే పొట్ట చుట్టు పెరుగుతుంది. నిలబడి తీసిన కొలతతో కుట్టిన చొక్కా కుర్చీలో కూర్చోగానే గుండీల దగ్గర అడ్డంగా లాగి, మధ్య సందుల్లోంచి లోపలి బనీను కనిపిస్తుంది. బిగుతు చొక్కా యవ్వనం తెస్తుందనుకునేవారు ఒకసారి కూర్చొని అద్దం చూసుకుంటే చాలు.

టీషర్టు వద్దని నేననను. గుడ్డ బరువు చూసి కొనండి. చదరపు మీటరుకు 140 గ్రాముల పలచటి అల్లిక ఒంటి మీది ప్రతి మడతకూ అతుక్కుంటుంది. 200 గ్రాములు, ఆపైన ఉన్నది తన ఆకారం తాను నిలుపుకుంటుంది. చెయ్యి భుజానికీ మోచేతికీ నడిమధ్య ఆగాలి, మెడ పట్టీ మందంగా ఉండాలి.

ఇక ప్యాంటు. పొట్ట కింద బెల్టు బిగించడం మగవాళ్లందరికీ ఉన్న అలవాటే. పొట్ట కింద కట్టిన ప్యాంటు నడుస్తుంటే జారుతుంది, జారితే వెనక సీటు సంచిలా వేలాడుతుంది, అంచులు బూటు మీద కుప్పపడతాయి. బొడ్డు దగ్గర, లేదా దానికి రెండు సెంటీమీటర్ల కింద నడుము పట్టీ నిలిచేలా పైకి ఎక్కువ ఎత్తున్న ప్యాంటు కుట్టించుకోండి. బెల్టు బదులు పక్కల్లో బిగించుకునే పట్టీలు గానీ భుజాల మీదుగా వేసుకునే బ్రేసులు గానీ పెట్టుకోండి. బ్రేసులతో నడుము దగ్గర బిగింపు లేకుండానే ప్యాంటు నిలుస్తుంది, చూడటానికీ ఎంతో సోకుగా ఉంటాయి. పిరుదులు పలచబడితే తొడ వెనక అడ్డ మడతలు పడతాయి. నడుము ఒక్కటే తగ్గించమంటే అవి పోవు. వెనక నడిమి కుట్టును సీటు దాకా లోపలికి తీసుకోమని అడగాలి. కింది అంచు వెడల్పు పరిచి కొలిస్తే 18 నుంచి 20 సెంటీమీటర్లు ఉండటం నాకు నచ్చుతుంది. అంతకన్నా సన్నమైతే పై పొట్టా కింది కాళ్లూ ఒకదానికొకటి పొసగవు.

ఇక్కడ ఒక సంగతి ప్రత్యేకంగా చెప్పాలి. హెచ్‌ఐవీతో దశాబ్దాలుగా బతుకుతున్న పెద్దవాళ్లలో కొందరు స్టావుడిన్ వంటి తొలినాటి మందులు వాడినవారు. వాటివల్ల బుగ్గల్లో, చేతుల్లో, కాళ్లలో, పిరుదుల్లో కొవ్వు కరిగిపోయింది. కొందరికి మెడ వెనకా పొట్టలోనూ కొవ్వు పేరుకుంది. మందులు మార్చినా ఈ మార్పులు పూర్తిగా వెనక్కి పోకపోవచ్చు. దర్జీ దగ్గర చొక్కా విప్పడానికి వీళ్లు జంకుతారు. మెడ వెనక ఉబ్బు ఉన్నచోట కోటు వెనక నడిమి కుట్టులోనే వంపు పెట్టి కోయాలి, లేకపోతే కాలరు ఎప్పటికీ మెడను అంటదు. కాళ్లు సన్నబడితే కార్డురాయ్, ఫ్లానెల్ లాంటి మందమైన గుడ్డ, నేరుగా దిగే కోత మంచిది. గడ్డం పెరిగేవారు మూడు నుంచి ఆరు మిల్లీమీటర్ల పొడవున కత్తిరించుకొని ఉంచుకుంటే బుగ్గల లోతు అంతగా తెలియదు. కారణం అడగకుండా కొలతలు తీసే దర్జీ దొరికితే వదులుకోకండి.

రంగుల విషయంలో జనానికి ఉన్న భయం నాకు అర్థం కాదు. జుట్టు నెరిశాక ముఖానికీ జుట్టుకూ మధ్య తేడా తగ్గుతుంది కాబట్టి, ముఖం పక్కన నల్లరంగు చాలామందికి కళ్లకింద నీడలు పెంచుతుంది. ముదురు నీలం, మెరూన్, సీసా ఆకుపచ్చ, ఆవపసుపు ప్రయత్నించండి. కిటికీ దగ్గర పగటి వెలుతురులో గుడ్డను గడ్డం కింద పట్టుకొని, కళ్లకింద నలుపు పెరిగిందో తగ్గిందో చూసి తేల్చుకోండి. ఇంకో చిక్కుంది. వయసుతో కంటి కటకం పసుపు తిరుగుతుంది. నీలం, నలుపు, ముదురు ఊదా ఒకటిగా కనిపించడం మొదలవుతుంది. నల్ల ప్యాంటు మీద నీలం కోటు వేసుకొని సూటు అనుకునేది అందుకే. బట్ట లోపల రంగు పేరు రాసి చీటీ కుట్టించుకోవడం చిన్న పనే.

1937లో పుట్టిన చిత్రకారుడు డేవిడ్ హాక్నీ 2022లో బకింగ్‌హామ్ ప్యాలెస్ విందుకు గళ్ల సూటుతో పాటు పసుపుపచ్చ క్రాక్స్ అనే మెత్తటి చెప్పులు వేసుకొని వెళ్లారు. అప్పటికి ఆయనకు 85 ఏళ్లు. కాళ్లకు హాయిగా ఉన్నదాన్నే సోకుగా మార్చుకోవడం అక్కడ చూడొచ్చు.

గే పురుషుల్లో బట్ట అలంకారం మాత్రమే కాదు, ఒకప్పుడు గుర్తు కూడా. 1892లో లండన్‌లో తన నాటకం తొలి ప్రదర్శనకు ఆస్కార్ వైల్డ్ మిత్రులచేత కోటుకు ఆకుపచ్చ కార్నేషన్ పువ్వు పెట్టించారు. 1970లలో అమెరికాలో వెనక జేబులోని రుమాలు రంగు ఎన్నో సంగతులు చెప్పేది. దాచుకుంటూనే తెలియజెప్పడం నేర్చుకున్న తరాలవి. ఇవాళ ఆ గుర్తు పెట్టుకోవాలా వద్దా అన్నది పూర్తిగా ఆ పెద్దాయన ఇష్టం. పెట్టుకుంటే ఒక్కచోట పెట్టుకోండి. కోటు పై జేబులో ముదురు గులాబీ రుమాలో, ఒక ఉంగరమో, కోటుకు గుచ్చుకునే ఒక బ్రోచో. అన్నీ ఒకేసారి పెడితే ఏదీ కంటికి ఆనదు. కీళ్లు ఉబ్బినవారు ఉంగరం కొలత వేలి మొదట్లో కాకుండా కీలు మీద తీయించి, లోపల చిన్న పట్టీ వేయించుకుంటే ఉంగరం తిరగదు. గుండీలు పెట్టుకోలేనివారికి అయస్కాంతపు గుండీల చొక్కాలు వస్తున్నాయి. గుండెకు పేస్‌మేకర్ ఉంటే వాటి జోలికి పోవద్దు, అయస్కాంతం దానికి కనీసం 15 సెంటీమీటర్ల దూరంలో ఉండాలి. వాళ్లకు వెల్‌క్రో పట్టీ మీద ఉత్తుత్తి గుండీలు కుట్టి ఇస్తే పైకి తేడా తెలియదు.

జుట్టుకు కాకినలుపు రంగు వేస్తే పలచబడ్డచోట తెల్లటి మాడు ఇంకా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. వేసుకుంటానంటే మీ అసలు రంగుకన్నా ఒకటి రెండు వన్నెలు లేత రంగు తీసుకోండి, 48 గంటల ముందు చెవి వెనక కొంచెం రాసి చూసుకోండి. రంగుల్లోని పీపీడీ అనే రసాయనం కొందరికి దద్దుర్లు తెస్తుంది, ఇన్నాళ్లూ పడినవారికి కూడా. తెల్లజుట్టు ఉంచుకునేవారికి అది పసుపు తిరక్కుండా వారానికోసారి ఊదారంగు షాంపూ రెండు మూడు నిమిషాలు చాలు. ఎక్కువసేపు ఉంచితే ఊదా ఛాయ నిలిచిపోతుంది. వయసుతో వాసన పసిగట్టే శక్తి తగ్గుతుంది కాబట్టి అత్తరు వాసన తనకు తెలిసేదాకా చల్లుకోకూడదు, రెండు చల్లులు చాలు.

బూట్లు సాయంత్రం కొనండి, అప్పటికి పాదాలు కాస్త ఉబ్బి ఉంటాయి. వయసుతో పాదం వంపు అణిగి పొడవూ వెడల్పూ పెరుగుతాయి కాబట్టి రెండు పాదాలూ కొలిపించి పెద్దదాని ప్రకారం తీసుకోండి. పొడవాటి వేలికి ముందు సెంటీమీటరు జాగా ఉండాలి, అడుగు రబ్బరుది కావాలి.

సహచరుడు పోయాక అతని కోటు తొడుక్కోవాలనుకునే వారుంటారు. ఆ కోటు మంచి దర్జీకి చూపించండి. నడుము, చేతి పొడవు సులువుగా మారతాయి. భుజాల వెడల్పులో ఒకటిన్నర సెంటీమీటర్లకు మించి తేడా ఉంటే కోటంతా విప్పాల్సిందే. అప్పుడు దాని గుడ్డతో లోపలి వెయిస్ట్‌కోటు కుట్టించుకోవడం మేలు. గుడ్డ సాధారణంగా సరిపోతుంది.

ఇంకో మాట, ఇది వృద్ధాశ్రమాలు నడిపేవారికి కూడా. జీవితమంతా తనకు నచ్చినట్టు బట్టలు వేసుకున్న గే పురుషుడు అక్కడ చేరగానే మళ్లీ దాచుకోవడం మొదలుపెడతాడు. ఏ బట్ట వేసుకోవాలో వేరేవాళ్లు తేల్చేస్తారు. ఉన్ని బట్టలు వేడినీళ్ల యంత్రంలో పడి ముడుచుకుపోతాయి. చేర్చుకునేటప్పుడే ఆయన దస్త్రంలో మందుల పక్కన ఇవి కూడా రాయాలి: రోజూ స్కార్ఫు కట్టుకుంటారు, ఉంగరం తీయకూడదు, గోళ్లకు రంగు వేసుకుంటారు, ఈ నాలుగు బట్టలూ చన్నీళ్లలో చేత్తో ఉతకాలి. ప్రతి బట్ట మీదా పేరు కుట్టాలి. బట్టలు తొడిగించే సిబ్బంది రెండు జతలు తెచ్చి చూపించి, ఇవాళ ఏది అని అడగాలి.

మీ దుస్తుల పేజీలో డెబ్బై ఏళ్ల గే పురుషుడి ఫోటో వేసి, కింద కోటు కొలతలూ గుడ్డ వివరాలూ మిగతా అందరికీ రాసినట్టే రాయమని కోరుతున్నాను.

భవదీయుడు,
మగవారి దుస్తులు కుట్టే ఒక దర్జీ