పెళ్లికూతురి మొటిమల కోర్సు, ఎవరూ లెక్కపెట్టని ఒక నెల

సంపాదకులకు,

ముహూర్తం ఖాయం కాగానే చీరలు, నగలతోపాటు అమ్మాయి మొహం మీద మొటిమల సంగతీ ఇంట్లో చర్చకొస్తుంది. స్కిన్ డాక్టరు దగ్గరికి తీసుకెళ్తారు. గడ్డల్లా లేచి గుంటలు మిగిల్చే మొండి మొటిమలకు ఐసోట్రెటినోయిన్ కాప్సూల్‌కు సాటి వచ్చే మందు లేదు. కానీ కోర్సు నాలుగు నుంచి ఆరు నెలలు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ. ముహూర్తమేమో రెండు నెలల్లో. కోర్సు మధ్యలో పెళ్లి జరిగిపోతుంది, అత్తగారింటికి సర్దుకున్న పెట్టెలో ఆ స్ట్రిప్పు కూడా వెళ్తుంది. ఆ మందు వాడుతుండగా గర్భం వస్తే బిడ్డకు ముప్పు.

పక్కన తల్లి కూర్చుని ఉండగా పెళ్లికాని అమ్మాయిని గర్భనిరోధకం గురించి అడగడానికి చాలామంది డాక్టర్లు మొహమాటపడతారు. అంత దూరం వెళ్లక్కర్లేదు. ‘పెళ్లెప్పుడమ్మా?’ అని అడిగితే ఎవరూ తప్పుపట్టరు. ఆ జవాబును బట్టి ఏ మందు రాయాలో తేల్చుకోవచ్చు.

ఎందుకింత పట్టుదల అంటే, ఈ మందు విటమిన్-ఏ కుటుంబానికి చెందినది. పిండంలో ఏ కణం ఎటు వెళ్లాలో చెప్పే సంకేతాల్లో ఆ విటమిన్ నుంచి తయారయ్యే ఆమ్లం ఒకటి. అది మోతాదు మించితే మొహం, చెవులు, గుండె కట్టాల్సిన కణాలు దారి తప్పుతాయి. చెవి డొప్ప ఏర్పడకపోవడం, గుండె నుంచి బయల్దేరే పెద్ద రక్తనాళాల అమరిక తారుమారు కావడం, మెదడులో నీరు చేరడం ఇందువల్లే. గర్భస్రావాలూ ఎక్కువ. తొలి నెలల్లో మందు తగిలిన పిల్లల్లో సుమారు 20 నుంచి 35 శాతం మందికి పెద్ద లోపాలు వస్తాయి. పైకి ఏ లోపం కనిపించని పిల్లల్లోనూ కొందరికి బుద్ధి వికాసం మందగిస్తుంది. ‘రోజు విడిచి రోజు ఒక్క 10 మిల్లీగ్రాముల కాప్సూలే కదా’ అనే మాట ఇక్కడ చెల్లదు. గర్భంలో ఇంతవరకు వాడొచ్చు అనే మోతాదే లేదు.

చివరి నెలసరి మొదటిరోజు నుంచి లెక్కిస్తే అయిదో వారంలోనే గుండె రూపుకట్టడం మొదలవుతుంది. అప్పటికి నెల తప్పి వారం కూడా కాదు. ‘గర్భం అని తెలిశాక ఆపేస్తాం’ అన్నవాళ్లు ఆపేది ఆలస్యంగానే.

మందు ఆపాక కూడా నెల గడిచేదాకా గర్భం రాకూడదు. కాబట్టి లెక్క వెనక్కి పెట్టుకోవాలి. ముహూర్తం ఫిబ్రవరి 20న అనుకుంటే చివరి కాప్సూల్ జనవరి 20 దాటకూడదు. ఆరు నెలల కోర్సయితే అంతకుముందు జులైలోనే మొదలుపెట్టాలి. అంత వ్యవధి లేకపోతే వేరే మందులతో నెట్టుకురావాలి. పెళ్లయినవాళ్లయితే మొదలుపెట్టే ముందు గర్భపరీక్ష, కోర్సు నడిచినన్నాళ్లూ నమ్మకమైన గర్భనిరోధకం, ఆపాక మరో నెల అదే జాగ్రత్త. కండోమ్ ఒక్కటీ చాలదు. ఆ నెల గడిచాక మందు ఒంట్లో మిగలదు, తర్వాత వచ్చే గర్భాలకు దానివల్ల ఏ ముప్పూ లేదు. ‘ఒకసారి వాడితే పిల్లలు పుట్టరు’ అన్న ప్రచారం పచ్చి అబద్ధం. అమెరికాలో 2006 నుంచి ఐప్లెడ్జ్ అనే పద్ధతి కింద పేరు నమోదై, గర్భం లేదని పరీక్షలో తేలితేగాని ఈ మందు చేతికివ్వరు. మన దగ్గర చీటీ ఉంటే చాలు, చాలాచోట్ల అదీ అడగరు.

మందుల షాపుల వాళ్లకు ఒక మనవి. పది కాప్సూళ్ల స్ట్రిప్పులో అయిదు కత్తిరించి ఇస్తే, గర్భిణులు వాడకూడదన్న హెచ్చరిక చాలాసార్లు షాపులో మిగిలిన ముక్క మీదే ఉండిపోతుంది. మందు పేరులో సగం కూడా అక్కడే. ఈ ఒక్క మందునైనా కత్తిరించకండి.

మొటిమలకు ఇచ్చే డాక్సీసైక్లిన్, మినోసైక్లిన్ గర్భిణి వాడితే నాలుగో నెల నుంచి బిడ్డ పళ్లను పచ్చబరుస్తాయి, ఎముకల ఎదుగుదలకూ అడ్డమే. పీసీఓఎస్ (హార్మోన్ల తేడాతో నెలసరి తప్పే సమస్య) ఉన్నవాళ్లకు రాసే స్పైరనోలాక్టోన్ కూడా గర్భానికి ముందే మానాలి. స్కిన్ డాక్టరు ఒకచోట, సంతానం కోసం చూసే డాక్టరు ఇంకోచోట అయితే ఒకరి చీటీ ఇంకొకరికి తప్పక చూపించాలి.

పూత మందుల్లో అడాపలీన్, ట్రెటినోయిన్, టాజరోటిన్ గర్భంలో వద్దు. అసలు మోసం మంగు కోసం కొనే క్రీములో ఉంది. కడుపుతో ఉన్నప్పుడు మంగు మచ్చలు రావడం మామూలే. పక్కింటావిడ చెప్పిందని కొనే ట్యూబులో తరచుగా హైడ్రోక్వినోన్, ట్రెటినోయిన్, మొమెటాసోన్ మూడూ ఉంటాయి. రాసిన హైడ్రోక్వినోన్‌లో మూడో వంతుకు పైగా రక్తంలోకి చేరుతుంది. మొమెటాసోన్ స్టెరాయిడ్, మొహాన రోజూ రాస్తే అదే కొత్త మొటిమలు లేపుతుంది. వాటికోసం ఇంకో ట్యూబు! స్టెరాయిడ్ క్రీములు చీటీ లేకుండా అమ్మకూడదని 2018లోనే కేంద్రం చీటీ మందుల జాబితా అయిన షెడ్యూల్ హెచ్‌లో కచ్చితం చేసినా కౌంటరు మీద తేడా పెద్దగా కనబడదు.

మరి ఏం వాడొచ్చు? అజెలాయిక్ యాసిడ్ 10 లేదా 20 శాతం, రోజుకు రెండుసార్లు. మొదట్లో కాస్త మంట, దురద ఉంటాయి. గుణం కనబడాలంటే రెండు మూడు నెలలు పడుతుంది. మంగుకూ పనికొస్తుంది కాబట్టి గర్భిణికి నేను ముందు చెప్పేది ఇదే. బెంజాయిల్ పెరాక్సైడ్ 2.5 శాతం, రాత్రి మొహం కడిగి పూర్తిగా ఆరాక శనగగింజంత చాలు. తువ్వాలు, దిండు గలీబు రంగు వెలిసిపోతాయి, తెల్లవి వాడండి. క్లిండమైసిన్ 1 శాతం జెల్లు పగలు రాయొచ్చు, కానీ ఒంటరిగా వాడితే క్రిములు దానికి అలవాటుపడి మందు పనిచేయడం మానేస్తుంది, బెంజాయిల్ పెరాక్సైడ్ తోడు ఉండాలి. ఈ రెండూ మన షాపుల్లో అడాపలీన్ కలిపి కూడా దొరుకుతాయి, అందుకే ట్యూబు మీద పెద్దక్షరాల పేరు కాదు, కింద చిన్నక్షరాలు చదవాలి. సాలిసిలిక్ యాసిడ్ 2 శాతం ఫేస్‌వాష్ ఫరవాలేదు, క్లినిక్కులో చర్మం పైపొర ఊడదీయడానికి చేసే 30 శాతం పీల్ వద్దు. మరీ ఎక్కువైతే డాక్టరు చూసి అజిత్రోమైసిన్ లాంటివి కొద్దిరోజులు రాస్తారు.

తెలియక అడాపలీన్ రాసుకున్నవాళ్లు బెంబేలు పడక్కర్లేదు. రక్తంలోకి చేరేది అత్యల్పం, ఆపేస్తే చాలు, ఆ ఒక్క కారణంతో అబార్షన్ ఆలోచనే వద్దు. ఐసోట్రెటినోయిన్ అయితే ఆ రోజే ఆపి, చివరి కాప్సూల్ తేదీ రాసుకుని, స్ట్రిప్పు పట్టుకుని గైనకాలజిస్టు దగ్గరికి వెళ్లాలి. ముందు నెలలు నిర్ధారించే స్కాన్, 18 నుంచి 22 వారాల మధ్య బిడ్డ అవయవాలు చూసే టిఫా స్కాన్, ఆపైన బిడ్డ గుండె చూసే ఫీటల్ ఎకో. స్కాన్‌లో అన్నీ బాగున్నా బుద్ధి వికాసం సంగతి అది చెప్పలేదు. ఈ మాట దాచకుండా చెప్పి నిర్ణయం ఆ అమ్మాయికే వదలాలి. గర్భం తీయించుకోవాలనుకుంటే చట్టం ప్రకారం 20 వారాల దాకా ఒక్క డాక్టరు అభిప్రాయం చాలు.

మీ పత్రిక సౌందర్య శీర్షికల్లో మొటిమల కాప్సూళ్ల ప్రస్తావన వచ్చిన ప్రతిసారీ ‘ఆపాక నెల గడిచేదాకా గర్భం వద్దు’ అన్న ఒక్క వాక్యం పక్కనే వేయమని కోరుతున్నాను.

— ఒక చర్మవైద్యురాలు, గుంటూరు