రేటింగ్ సరే, ఆ కూలీకి పేరుందా?

సంపాదకుడు గారికి,

శుక్రవారం మీ సినిమా పేజీలో కథ, పాటలు, ఫైట్లు, సెకండాఫ్ సాగదీత అన్నీ వస్తున్నాయి. దళితుల్ని, గిరిజనుల్ని, వికలాంగుల్ని, హిజ్రాల్ని తెర మీద ఎట్లా చూపించారన్నది మాత్రం ఎవరో కేసు పెడితేనో, ధర్నాకు దిగితేనో వార్తల పేజీకి ఎక్కుతోంది. అది సమీక్షలోనే రావాలి. మార్కులు కోయమని కాదు, చూసింది చూసినట్టు నాలుగైదు లైన్లు వేయమని అడుగుతున్నాం.

దీనికి కొలతలు లేకపోలేదు. 1985లో అమెరికా కార్టూనిస్టు ఆలిసన్ బెక్డెల్ తన కామిక్‌లో ఒక పాత్ర చేత మూడు షరతులు చెప్పించింది. సినిమాలో ఇద్దరు ఆడవాళ్లుండాలి, వాళ్లు ఒకరితో ఒకరు మాట్లాడుకోవాలి, ఆ మాటలు మగవాడి గురించి కాకూడదు. ఇంతేనా అనిపిస్తుంది గానీ మన పెద్ద హీరోల సినిమాలు చాలావరకు మూడోదాని దగ్గరే బోల్తా పడతాయి. అట్లాగని దీన్నే నమ్ముకుంటే మోసపోతాం. అత్తాకోడళ్లు చీర రంగు గురించి అరనిమిషం మాట్లాడుకుంటే చాలు, సినిమా పాస్. అడవిలో ఒంటరిగా ఫారెస్టు వాళ్లకు ఎదురు నిలిచిన గిరిజన మహిళ కథ మాత్రం రెండో ఆడపాత్ర లేదన్న పాపానికి ఫెయిల్. సినిమాల్లో, టీవీలో స్వలింగ సంపర్కుల్ని, ట్రాన్స్‌జెండర్లను ఎట్లా చూపిస్తున్నారో గమనించే అమెరికా సంస్థ గ్లాడ్ 2013లో పెట్టిన వీటో రూసో పరీక్ష దీనికంటే మెరుగు. వాళ్ల పాత్రల కోసం తయారైనా అందులోని చివరి ప్రశ్న ఎవరికైనా పనికొస్తుంది: ఆ పాత్రను తీసేస్తే కథ దెబ్బతింటుందా? మన కామెడీ ట్రాకుల్లో వచ్చే హిజ్రా పాత్రను ఈ ప్రశ్నతో చూడండి. ఆ సీనుకు కత్తెర వేసినా కథలో వీసమెత్తు తేడా రాదు.

హాల్లో చీకట్లో రాసుకోవడం కుదరదు కాబట్టి సమీక్షకుడు ఇంటర్వెల్లో ఒకసారి, బయటికొచ్చాక ఒకసారి రాసుకుంటే సరిపోతుంది. ముందు పేరు. టైటిల్స్‌లో ‘ఇటుకబట్టీ కూలీ’, ‘గూడెం ముసలామె’ అని పడితే ఆ మనుషుల గురించి రచయిత ఎంత ఆలోచించాడో అక్కడే తెలిసిపోతుంది. తర్వాత పిలుపులు: ఎవరు ఎవర్ని ‘ఒరేయ్’ అంటున్నారు, ఎవరు ‘అయ్యా’ అంటున్నారు, ఆఖరి రీలుకైనా అది మారిందా? అన్నిటికంటే ముఖ్యం, కథ మలుపు తిరిగేచోట నిర్ణయం ఎవరిది? ఎక్కువ సినిమాలు దొరికిపోయేది ఇక్కడే. గూడెం మొత్తం తెర మీద ఉంటుంది, డైలాగులుంటాయి, కన్నీళ్లకు కొదవుండదు. కోర్టులో వాదించేది, ఊరి పెద్దను తన్నేది, పట్టా తెచ్చి చేతిలో పెట్టేది మాత్రం బయటి నుంచి వచ్చిన హీరో. గూడెం వాళ్ల వంతు దండం పెట్టడం. అసలు కోపమే రాని, ఒక్క అబద్ధమూ ఆడని పేదవాడూ ఇట్లాంటివాడే. గౌరవంగా చూపించారని మెచ్చుకుంటాం గానీ అక్కడ మనిషి లేడు.

నవ్వు సంగతి తేలాలంటే డైలాగు కంటే దాని తర్వాతి షాటు చూడాలి. నత్తి ఉన్నవాడు ఒక మాట కోసం తంటాలు పడుతుంటాడు. వెంటనే కెమెరా హీరో స్నేహితుల మీదికి పోతుంది, వాళ్లు పొట్టలు పట్టుకుంటారు, వెనకాల టొయ్‌మని ఒక సౌండు. ఆ షాటు, ఆ సౌండు తీసేస్తే అదే సీన్లో నవ్వు రాదు, ఎదుటివాళ్లకు ఓపిక లేదన్నది బయటపడుతుంది. సుప్రీంకోర్టు 2024 జూలై 8న ఇచ్చిన తీర్పులో ఈ తేడానే చెప్పింది: వైకల్యాన్ని కించపరిచే హాస్యం వేరు, దాన్ని అర్థం చేయించే హాస్యం వేరు. ఎగతాళి చేయొద్దంది, అట్లాగని అతీత శక్తులున్నవాళ్లలా చూపించడమూ వద్దంది. ఈ రెండో మాట మన రచయితలు వినాల్సింది. చూపులేని హీరో అడుగుల చప్పుడు విని పదిమంది రౌడీలను మట్టి కరిపిస్తాడు, అతను ఆర్టీసీ బస్సు ఎట్లా ఎక్కుతాడో మాత్రం ఎవరూ చూపించరు.

ఇక మన తిరుపతి జిల్లా. ‘ఏందప్పా’, ‘రావల్ల’, ‘పోవల్ల’ అనే మాటలు చాలాకాలం కమెడియన్ నోటనో, సుమో దిగే ఫ్యాక్షనిస్టు నోటనో తప్ప పెద్దగా వినపడేవి కావు. 2021లో ‘పుష్ప’తో ఈ యాస హీరో నోటికెక్కింది. కమెడియన్‌కు పెడితే నవ్వులాట అయ్యే ఎత్తు భుజం హీరోకు పెట్టేసరికి స్టైలైంది. మెచ్చుకోవాల్సిందే. ఆ సినిమానే ఇంకో ప్రశ్న కూడా అడగాలి: శేషాచలం కొండల్లో ఎర్రచందనం చెట్టు కొట్టే మిగతా కూలీలెవరు? 2015 ఏప్రిల్ 7న ఈ కొండల్లో పోలీసు కాల్పుల్లో చనిపోయిన 20 మందీ తమిళనాడు వాళ్లు, అందులో జవ్వాది కొండల గిరిజనులూ ఉన్నారు. ఎర్రచందనం కథ స్మగ్లర్ ఎదుగుదలగానే నడిచినంతకాలం గొడ్డలి పట్టినవాడికి మొహం ఉండదు.

కులం పేరుతో తిట్టే సీను ఉన్నంత మాత్రాన సినిమా చెడ్డదని రాసేయకూడదు. కేంద్రం 1991లో సెన్సారుకు ఇచ్చిన మార్గదర్శకాలు కూడా సినిమాను మొత్తంగా, దాని ప్రభావాన్ని బట్టి చూడమనే అంటాయి. తిట్టినప్పుడు కెమెరా తిట్టు పడ్డవాడి మొహం మీదుందా, తిట్టినవాడి మీసం మీదుందా? బీజీఎం, అంటే నేపథ్య సంగీతం, ఎవరి కోసం మోగింది? ఇవి రాస్తే చాలు, పాఠకుడికి అర్థమవుతుంది.

మనవైపు హాళ్లలో తమిళ డబ్బింగులూ బాగా ఆడతాయి కాబట్టి డబ్బింగును విడిగా చూడాలి. తిరునల్వేలి పల్లె మాట తెలుగులోకి వచ్చేసరికి నున్నటి పుస్తకాల భాషైపోతుంది, ఎవరు ఊళ్లోవాళ్లో ఎవరు వాడవాళ్లో పట్టిచ్చే పిలుపులు ఎగిరిపోతాయి. డబ్బింగ్ రచయిత మింగేసిన దానికి దర్శకుణ్ని తిట్టడం న్యాయం కాదు.

యానాది గిరిజనుల కథ వస్తే సూళ్లూరుపేట, నాయుడుపేట వైపు యానాది కుటుంబాల్లో ఒకరిద్దరికి టికెట్ కొనిచ్చి, వాళ్లేమన్నారో రెండు వాక్యాలు వేయండి. వల విసిరే తీరు తప్పని, ఆ మాట తమ ఇళ్లలో ఎవరూ అనరని వాళ్లు ఇట్టే చెప్తారు, సమీక్షకుడికి ఎంత అనుభవమున్నా అది దొరకదు. అట్లాగే చెవిటివాళ్లకు క్యాప్షన్లు, చూపులేనివాళ్లకు తెర మీద జరిగేది మాటల్లో చెప్పే వర్ణన ఆడియో ఆ సినిమాకు ఉన్నాయో లేదో ఒక లైను రాయండి. హాళ్లలో ఇవి ఉండాలని కేంద్ర సమాచార, ప్రసార శాఖ 2024 మార్చిలోనే మార్గదర్శకాలిచ్చింది.

వచ్చే శుక్రవారానికి కుదరకపోతే సంక్రాంతి సినిమాలతో మొదలుపెట్టినా మంచిదే. అప్పుడు మూడు నాలుగు ఒకేసారి విడుదలవుతాయి, పక్కపక్కన పెట్టి పోల్చవచ్చు.

ఇట్లు,
కొందరు పాఠకులు,
బైరాగిపట్టెడ, తిరుపతి