బాగాలేదన్నారు సరే, ఎవరి వల్ల చెడింది?

సంపాదకుడికి,

అయ్యా,

పోయిన ఆదివారం సినిమా పేజీలో మీ విమర్శకుడు రాసిన ‘నిరాశపరిచిన సినిమాలు’ వ్యాసం మీద వారమంతా అభిమానుల కోపమే ఉత్తరాలుగా అచ్చవుతోంది. సినిమావాళ్ల కష్టం చూసి ఊరుకోవాలన్న వాదన నాది కాదు. చెడ్డ సినిమాను చెడ్డదనడానికి ఆయనకు పూర్తి హక్కుంది. నాకు ఒళ్లు మండింది వేరే చోట. ఏడు సినిమాలను తిట్టారు, ఒక్కదానిలోనూ తప్పు ఎవరిదో పట్టుకోలేదు. ఒకరి నేరానికి మరొకరికి శిక్ష వేశారు.

మూడు సినిమాలకు ‘ఎడిటర్ కత్తెరకు పదును తగ్గింది’ అని ఒకే వాక్యం. ఎడిటర్ ఏం చేసినా తీసుకొచ్చిన ఫుటేజీతోనే చేయాలి. ఇద్దరు మాట్లాడుకునే నాలుగు నిమిషాల సీనును ఇద్దరూ కనబడేలా ఆపకుండా తీసే ఒక్క మాస్టర్ షాట్‌లో తీసి, క్లోజప్పులు, రియాక్షన్ షాట్లు తీయకుండా వదిలేస్తే మధ్యలో ఒక్క డైలాగు తీసేయడానికి కూడా దారుండదు. తీస్తే బొమ్మ గెంతుతుంది. వింటున్న మనిషి మొహం మీదికి వెళ్లడానికి ఒక షాట్ ఉంటేనే అనవసరమైన మాటను ఎవరికీ తెలియకుండా ఎత్తేయగలరు. పైగా సాగదీతకు మూలం చాలాసార్లు స్క్రిప్టులోనే ఉంటుంది. మనం కళ్లారా చూసిన సంగతినే ఒక పాత్ర ఇంకో పాత్రకు కూర్చోబెట్టి చెబుతుంది. హీరోకు ఏం కావాలో అరగంటైనా తేలదు. అలాంటి కథలో సీన్లను ఎంత పొట్టిగా కోసినా ల్యాగ్ పోదు. తేడా తెలుసుకోవడం కష్టమేమీ కాదు. పని అయిపోయాక కూడా షాట్ తెరమీద నిలబడి ఉంటే ఎడిటర్ని అడగండి. సీనుకు సీనే ఎత్తేసినా కథకు లోటు రాకపోతే రచయితనూ దర్శకుడినీ అడగండి.

ఇక ‘ఛాయాగ్రహణం మసకగా ఉంది’ అన్న మాట. తెరమీద పడే తెల్లని వెలుగుకు ప్రమాణం, వెలుగు కొలమానంలో, 14 ఫుట్ లాంబర్ట్‌లు, అంటే చదరపు మీటరుకు దాదాపు 48 క్యాండెలాలు. సినిమా రంగులను కంప్యూటర్లో దిద్దే డీఐ గదిలో పని జరిగేది ఆ వెలుగును లెక్కలో పెట్టుకునే. థియేటర్ ప్రొజెక్టర్లో వెలుగిచ్చే జినాన్ ల్యాంపు కాలం తీరినా మార్చకపోతే, 3డీ కోసం ప్రొజెక్టర్ ముందు బిగించిన పరికరాన్ని 2డీ ఆటకు తీయకపోతే, వెలుగు బాగా పడిపోయి రాత్రి సీన్లు నల్లముద్దలవుతాయి. పగటి సీన్లో తెల్లచొక్కా కూడా బూడిద రంగులో కనబడిందా, అది చాలామటుకు ప్రొజెక్షన్ లోపం. పగలు శుభ్రంగా ఉండి రాత్రి ఒక్కటే కనబడకపోతే అప్పుడు కెమెరామన్నూ, డీఐ చేసినవారినీ అనొచ్చు. విమర్శకుడు ఈపాటి చూసుకోకుండా ఒక మనిషి పనికి మచ్చ తేవడం అన్యాయం.

‘సంగీత దర్శకుడి హోరులో మాటలు వినబడలేదు’ అన్నదీ అంతే. మాటలు, సంగీతం, శబ్దాలు కలిపే 5.1 మిక్సింగ్‌లో డైలాగు దాదాపు అంతా తెర వెనక మధ్య స్పీకర్లోంచే వస్తుంది. మిక్సింగ్ థియేటర్లో ఫేడర్ (శబ్దం పెంచే, తగ్గించే మీట) 7 దగ్గర పెట్టి, ఒక్కో ముందు స్పీకరు 85 డెసిబెల్స్ ఇచ్చేలా సరిచేసుకుంటారు. శబ్దం ఎక్కువైందని ఎవరో గొడవ చేస్తే హాలువాళ్లు తమ ఫేడర్ని 4.5కో 5కో దించేస్తారు, మెల్లగా అన్న మాటలు ముందు పోతాయి. మధ్య స్పీకర్లో పై స్థాయి ధ్వనులు పలికే డ్రైవర్ అనే భాగం పాడైతే స, శ, చ అక్షరాలు మొద్దుబారతాయి, పక్క స్పీకర్లలోని సంగీతం మాత్రం తేటగానే ఉంటుంది. సంగీతమే నిజంగా మాటను మింగేసినా, ఎంత పెట్టాలో మిక్సింగ్ ఇంజినీరుతో కూర్చుని ఖాయం చేసేది దర్శకుడు. బాణీ కట్టినవాడిని బోనెక్కించడం ఎందుకు?

కథానాయిక ‘పెదవులు కదిపిందే గానీ నటించలేదు’ అన్నారు. సెకనుకు 24 ఫ్రేముల్లో డబ్బింగ్ గొంతు రెండు మూడు ఫ్రేములు పక్కకు జరిగినా ఏ మహానటి మొహమైనా చెక్కబొమ్మలా ఉంటుంది. ఆ గొంతు ఎవరిదో ఆయన కనుక్కున్నారా?

అసలు సమీక్షల పేజీయే దిగజారింది. మూడు వంతులు కథ చెప్పడం, మిగిలిన వంతులో విశేషణాలు, చివర చుక్కలు. ఎడిటర్, సౌండ్ ఇంజినీర్ పేర్లు వేయడం మానేశారు, తిట్టడానికి మాత్రం వాళ్లు కావాలి. సమీక్షలను పోగుచేసే వెబ్‌సైట్ రాటెన్ టొమాటోస్‌లో ఒక సినిమాకు ‘38 శాతం మార్కులే వచ్చాయి’ అని రాశారు. అవి మార్కులు కావు. విమర్శకుల్లో ఎంతమంది అనుకూలంగా రాశారన్న లెక్క. అందరూ ‘ఫరవాలేదు, చూడొచ్చు’ అన్న సినిమాకు కూడా అక్కడ 100 పడుతుంది. అచ్చుకు ముందు ఇది దిద్దేవారే లేకపోయారా? చికాగో సన్‌-టైమ్స్ అనే దినపత్రికలో రాసిన సినిమా విమర్శకుడు రోజర్ ఈబర్ట్‌కు 1975లో విమర్శకు పులిట్జర్ బహుమతి ఇచ్చారు. రోజువారీ పత్రికలో తీరిక ఉండదన్న సాకు చెల్లదు.

వచ్చే ఆదివారం ఆ శాతం లెక్కకు సవరణ వేయండి. ఆ మూడు సినిమాల్లో సాగిన సీన్లు ఏవో, అవి ఎక్కడ కోస్తే బాగుండేవో మీ విమర్శకుడి చేత రాయించండి. రాయలేకపోతే ఆ ఎడిటర్ల మీద వేసిన మాట వెనక్కి తీసుకోమనండి.

ఇట్లు,
ఒక పాఠకుడు