ఆటోనగర్ లేత్ బాబాయ్‌కి, ఇంకా కొంతమందికి

కొత్తపేటలో మా కర్రీ పాయింట్‌కి వచ్చే అందరికీ నమస్కారం. మా కారు చెడిపోయినప్పుడు ఆదుకున్నవాళ్లకి థ్యాంక్స్ చెప్పడానికి ఇది రాస్తున్నా. పదకొండు రోజులుగా "దొండకాయ వేపుడు ఎందుకు చెయ్యట్లేదండీ", "సాంబారు పలచబడిందేంటి" అని అడుగుతున్నవాళ్లకి జవాబు కూడా ఇదే అనుకోండి. కారు ఇంటికొచ్చింది. ఇంజిన్ బతికింది. ఇప్పుడు రాత్రి పదకొండున్నర. గిన్నెలు సింకులోనే ఉన్నాయి. తెల్లారితే మళ్లీ పనిలో పడి మర్చిపోతానని కూర్చుని రాస్తున్నా, తప్పులుంటే సర్దుకోండి.

మాది 2012 మోడల్ డీజిల్ బండి. సెకండ్ హ్యాండ్‌లో కొన్నాం, ఇప్పటికి 1,74,000 కిలోమీటర్లు తిరిగింది. వెనక సీటు మడిచి, గోనె పట్టా పరిచి, వారానికి మూడు రోజులు తెల్లవారుజామున బోయినపల్లి మార్కెట్‌కి వెళ్లి కూరగాయలు వేసుకొస్తాను. నడిపేది నేనే. ఆ సోమవారం కూడా టమాటా నాలుగు ట్రేలు, ఉల్లిగడ్డ రెండు బస్తాలు వేసుకుని వస్తుంటే తార్నాక దగ్గర డ్యాష్‌బోర్డు మీద ఇంజిన్ వేడెక్కిందని చెప్పే ఎర్ర లైటు వెలిగింది. అక్కడే ఆపాల్సింది. రెండు హాస్టళ్లకి తొమ్మిదింటికల్లా కూరలు వెళ్లాలి, ఉప్పల్ దాటితే ఇల్లు వచ్చేసినట్టే అనుకున్నా. హబ్సిగూడ దాటించా. ఉప్పల్ రింగురోడ్డు దగ్గర బానెట్ కింద నుంచి పొగ వచ్చి, బండి తనే ఆగిపోయింది.

ఇందులో నా తప్పు ఇంకోటి కూడా ఉంది, దాచను. వాటర్ పంపు దగ్గర కారుతోందని ఆరు నెలలుగా తెలుసు. "కూలెంట్ ఎందుకు దండగ, నీళ్లు పోసుకోండి" అని మా వీధి మెకానిక్ అంటే రోజూ సీసాతో బోరు నీళ్లు పోస్తూ వచ్చా. మా బోరు నీళ్లతో గీజరు కాయిల్‌కి ఎంత సున్నం పేరుకుంటుందో నాకు తెలుసు, పప్పు గిన్నె అంచున తెల్లగా కట్టే చారలూ తెలుసు. అదే నీళ్లు రేడియేటర్‌లో ఏం చేస్తాయో మాత్రం ఒక్కసారీ ఆలోచించలేదు.

బండిని సర్వీస్ సెంటర్‌కి లాగించాం. పేరు రాయను, రాసి ఏం లాభం. ఆయిల్ మూత తీసి చూపించారు. మూత లోపల చల్ల చిలికితే కవ్వానికి అంటుకునే వెన్నలాగా తెల్లగా, చిక్కగా ఏదో పట్టి ఉంది. ఆయిల్‌లో నీళ్లు కలిశాయంటే చాలావరకు హెడ్ గ్యాస్కెట్ పోయిందన్నమాట, అది నాకూ అర్థమైంది. ఇంజిన్ పై భాగం హెడ్, కింది భాగం బ్లాక్, ఆ రెండిటి మధ్య నీళ్లూ ఆయిలూ కలవకుండా ఆపే పలచటి రేకే గ్యాస్కెట్. రెండో రోజు ఎస్టిమేట్ చేతిలో పెట్టారు. ఇంజిన్ అసెంబ్లీ మార్చాలి, 1,92,000 రూపాయలు. ఏమీ విప్పకుండా మార్చాలని ఎలా తెలిసిందండీ అంటే, విప్పాలంటే ముందు సంతకం పెట్టాలి, దానికి చార్జీ వేరే అన్నారు. ఆ మూత తీసి చూసినందుకే 2,500, జీఎస్టీతో 2,950. ఇన్సూరెన్స్ వాళ్లకి ఫోన్ చేస్తే మెకానికల్ బ్రేక్‌డౌన్ పాలసీలో రాదన్నారు. మరి ఇంజిన్‌కి విడిగా డబ్బు కట్టించుకున్నారు కదా అంటే, అది వరద నీళ్లు ఇంజిన్‌లోకి వెళితేనట. మేము పోసుకున్న నీళ్లకి కాదట. ఇది కట్టించుకునే రోజు ఎవరూ చెప్పరు. చెప్పే కాగితం ఉంటుంది, చీమ తలకాయంత అక్షరాల్లో.

ఇంకో మాట. ఆ రెండు రోజుల్లో ఒక్క మనిషి కూడా నా మొహం చూసి మాట్లాడలేదు. బండి నాది, నడిపింది నేను, లైటు వెలిగింది నా కళ్ల ముందు. అయినా ప్రతివాడూ "సార్, విషయం ఏంటంటే" అని మావారి వైపు తిరిగేవాడు. మావారికి బ్రేకుకీ క్లచ్‌కీ తేడా తెలియదు పాపం, తల ఊపుతూ నిలబడేవారు.

ఆ రాత్రి బిల్లు పుస్తకం వెనక మూడు లెక్కలు రాసుకున్నా. కొత్తది వేయిస్తే 1,92,000. వేరే బండి పాత ఇంజిన్ ఎక్కిస్తే 75,000, బిగించడానికి 15,000. అమ్మేస్తే తుక్కు వాడు ఇస్తానన్నది 38,000. ప్యాకెట్ మీద ఎనిమిది రూపాయలు మిగిలే వ్యాపారం మాది. లక్షా తొంభై రెండు వేలంటే ఇరవై నాలుగు వేల ప్యాకెట్లు. పైగా 2027లో బండికి పదిహేనేళ్లు నిండుతాయి, అప్పుడు ఆర్టీఏలో ఫిట్‌నెస్ చూపించి మళ్లీ రిజిస్ట్రేషన్ చేయించాలి, అదీ ఐదేళ్లకే. ఇంత పోసి బాగుచేయిస్తే ఏమిటి ఫలితం అని నేనే అమ్మేద్దామన్నా. అని, పొద్దున ట్రాలీ ఆటోకి పద్నాలుగు వందలిచ్చి మార్కెట్‌కి వెళ్లొచ్చి, మళ్లీ వద్దన్నా. వెళ్లిన ప్రతిసారీ పద్నాలుగు వందలు ఎక్కడి నుంచి తేను?

చివరికి బండిని వనస్థలిపురం ఆటోనగర్‌కి లాగించాం. అక్కడి మెకానిక్ హెడ్ విప్పాడు కానీ, మనసంతా పాత ఇంజిన్ మీదే. "హెడ్ వంగిపోయిందక్కా, రేపే ఇంజిన్ తెప్పిస్తా, ఆర్‌సీలో ఇంజిన్ నంబరు ఎవడు చూస్తాడు" అంటాడు. నాకు అక్కడ అనుమానం వచ్చింది. వంగిందని కంటితో ఎలా చెప్పావు, ఇంజిన్ భాగాలు కొలిచి చెక్కే లేత్ షాపులో చూపించు అన్నా. విసుక్కుని, "మీరే తీసుకెళ్లండి" అని హెడ్‌ని గోనెసంచిలో చుట్టి ఆటోలో పెట్టాడు.

ఇక్కడి నుంచి చెప్పేది ఆ లేత్ షాపు బాబాయ్ గురించి.

అరవై అయిదేళ్లుంటాయి. రేకుల షెడ్డు, నాలుగు మిషన్లు, ఎడమ చూపుడువేలికి పై కణుపు లేదు. హెడ్‌ని బల్ల మీద పెట్టించి, కిరోసిన్ గుడ్డతో తుడిచి, మావారిని, నన్ను చూసి ఒకటే అడిగాడు.

"కారు ఎవరు నడుపుతరు?"

నేనే అన్నా.

"గట్లయితే నువ్వే సూడాలె బిడ్డా" అని ఫీలర్ గేజీ తీసి నా చేతిలో పెట్టాడు.

పాకెట్ కత్తిలా విచ్చుకునే రేకుల కట్ట అది. ఒక్కో రేకు మీద దాని మందం చెక్కి ఉంటుంది. హెడ్ మీద ఐమూలగా ఉక్కు స్కేలు ఆనించి పట్టుకుని, స్కేలు కింద సందులో రేకు దూర్చమన్నాడు. 0.05 మిల్లీమీటర్ల రేకు దూరకూడదట. దూరింది, రెండో సిలిండర్‌కీ మూడోదానికీ మధ్య. 0.10 కూడా పోయింది. 0.15 పట్టి పట్టి పోయింది. 0.20 పోలేదు. అంటే రెండు వెంట్రుకల మందం వంపు. మా ఇడ్లీ రేకు అంతకు పదింతలు వంగినా నేను పట్టించుకోను. "గింతే. ఫేసింగ్ కొట్టి మిషన్ మీద సాపు చేస్తే పోతది. గీ మాత్రానికి ఇంజినంత పారేస్తరా?" అన్నాడు.

కానీ వెంటనే కొట్టలేదు. ముందు పగులుందేమో చూడాలట. నీళ్ల దారులన్నీ రబ్బరు షీట్లు, ఇనుప పట్టీలతో మూసి, ఒక్క దారిలో గాలి గొట్టం పెట్టి, హెడ్‌ని వేడినీళ్ల తొట్టెలో ముంచాడు. పగులుంటే బుడగలొస్తాయి. నేను తొట్టె మీదకి వంగి నిలబడ్డా. నూనె కాగిందో లేదో చూడ్డానికి పిండి ముక్క వేసి చూసేదాన్ని, బుడగ రాకూడదని అంతలా కోరుకోవడం నా జన్మలో అదే మొదలు. వచ్చింది ఒకటి. తర్వాత ఇంకోటి. గుండె జారిపోయింది. ఆయన తాపీగా చెయ్యి పెట్టి ఒక నట్టు బిగించాడు. "అది రబ్బరు కాడ్నుంచి" అన్నాడు. ఆగిపోయాయి. పది నిమిషాలు చూశాం. ఏమీ లేదు.

ఆయన పని అక్కడితో అయిపోయింది. ఫేసింగ్ కొట్టి, డబ్బు తీసుకుని పంపించొచ్చు. "ఒక్క హెడ్ సూస్తే ఏం తెలుస్తది, బోరు సూడొద్దా?" అని మిషన్ ఆపి, చెప్పులేసుకుని, ఆ ఎండలో మాతో పాటు మెకానిక్ షెడ్డు దాకా వచ్చాడు. ఆయన బోరు అన్నది నీళ్ల బోరు కాదు, పిస్టన్ ఆడే సిలిండర్ లోపలి గొట్టం. టార్చి వేసి దాని లోపల చూపించాడు. గోడల మీద అడ్డంగా, ఐమూలగా సన్నటి గీతలు. "ఫ్యాక్టరీల పడ్డ గీతలు ఇంక పోలే. అరిగిన బోరు అద్దం లెక్క ఉంటది." తర్వాత పై అంచు దగ్గర గోరుతో గీకమన్నాడు. పిస్టన్ పైకీ కిందకీ ఆడి ఆడి అరిగితే అక్కడ మెట్టులా ఏర్పడుతుందట. నాలుగింటిలోనూ గోరు పెట్టా. ఎక్కడా తట్టలేదు. బ్లాక్ పైన కూడా స్కేలు ఆనించి చూశాడు, సమంగానే ఉంది. మెకానిక్‌తో, "కింద ఆయిల్ చాంబర్ విప్పి బేరింగులు సూడు, నీళ్లు కలిసిన ఆయిల్‌తోటి నడిచింది కదా" అన్నాడు. ఆ అబ్బాయి మారు మాట్లాడకుండా విప్పాడు. అవీ బాగున్నాయి.

అప్పుడు నావైపు తిరిగి చెప్పాడు. "హెడ్ పగిలి, బోరు గూడ అరిగుంటే నేనే అమ్ముకో అని చెప్తుంటి. పాత ఇంజిన్ ఎవరి బండిదో, ఎట్ల ఆగిందో ఎవరికెరుక? కాయితం లేని నంబరు పెట్టుకుని రేపు యాక్సిడెంట్ అయితే ఎవరు నిలబడతరు? నీది నీకు తెలిసిన ఇంజిన్. బాగు చేపిచ్చుకో, మల్ల బోరు నీళ్లు పొయ్యకు."

నాకు ఏడుపొచ్చింది. లక్షా తొంభై రెండు వేల కాగితం చూసినప్పుడు రాలేదు, రోడ్డు మీద టమాటాలు మాగిపోతుంటే రాలేదు, అక్కడ వచ్చింది, ఆగకుండా. ఆయనకి ఏం చెయ్యాలో తోచలేదు పాపం. అటూ ఇటూ చూసి, ఒక స్టూలు లాగి, చేతిలోని గుడ్డతో తుడిచి కూర్చోమన్నాడు. ఆ గుడ్డతో తుడిచాక స్టూలు ఇంకా నల్లగా అయింది. దాని మీదే కూర్చున్నా. ఆ చీర మీద మరక ఇప్పటికీ పోలేదు.

ఫేసింగ్‌కి 2,200 తీసుకున్నాడు. తొట్టెలో చూసినదానికీ, నడిచొచ్చినదానికీ ఏమీ వద్దన్నాడు. చాలా డీజిల్ ఇంజిన్లకి గ్యాస్కెట్లు రెండు మూడు మందాల్లో వస్తాయట, పిస్టన్ ఎంత పైకి వస్తోందో కొలిచి మందం ఎంచుకోవాలని మెకానిక్‌కి గట్టిగా చెప్పి పంపాడు. పాత హెడ్ బోల్టులు మళ్లీ వాడొద్దనీ, అవి ఒకసారి బిగిస్తే సాగుతాయనీ కూడా చెప్పాడు. గ్యాస్కెట్ సెట్, బోల్టులు, వాటర్ పంపు, థర్మోస్టాట్, రేడియేటర్ క్లీనింగ్, రెండుసార్లు ఆయిల్, కూలెంట్, కూలీ, ఈ 2,200తో సహా మొత్తం 38,600 అయింది. లాగించిన ఖర్చు, ఆ మూత తీసిన 2,950 వేరే. తుక్కు వాడు ఇస్తానన్న డబ్బు, బాగుచేయించిన డబ్బు దాదాపు ఒకటే కావడం చూసి మావారు ఇంకా నవ్వుకుంటూనే ఉన్నారు.

నిన్న గోంగూర పచ్చడి డబ్బా తీసుకెళ్లి ఇచ్చా. అక్కడే వేలితో తీసి నాకి, "కారం తక్కువైంది బిడ్డా" అన్నాడు. గుంటూరు మనిషితో! ఈసారి చూపిస్తా.

మావారు, తమ్ముడు, మరదలు పదకొండు రోజులు పరిగెత్తారు. వాళ్లకి ఇక్కడ థ్యాంక్స్ చెబితే నవ్వుతారు.

మర్చిపోయా, ఉప్పల్‌లో టీ కొట్టు అబ్బాయి. నేను కంగారులో రేడియేటర్ మూత తిప్పబోతుంటే "అక్కా ముట్టుకోకండి" అని అరిచి చెయ్యి లాగాడు. లేకపోతే ఈ చేత్తో ఇది రాసేదాన్ని కాదు. చల్లనీళ్లు పొయ్యనివ్వలేదు కూడా, హెడ్ పగలకపోవడంలో సగం వాడి పుణ్యమేనని లేత్ బాబాయ్ అన్నాడు. వాడి టీకి డబ్బులు కూడా ఇవ్వలేదు నేను.

హెడ్‌ని ఒళ్లో పసిబిడ్డలా పెట్టుకుని స్పీడ్ బ్రేకర్ వచ్చినప్పుడల్లా వంగిన ఆటో అన్న. సాంబారు చాలక నేను షట్టర్ దించబోతుంటే నలభై ప్యాకెట్లు పంపిన ఎదురు కర్రీ పాయింట్ ఆవిడ (మనకి పోటీయే, అయినా). రెండు పూటలు పెరుగన్నంతో సరిపెట్టుకున్న హాస్టల్ పిల్లలు. ఇంకా మా వీధి మెకానిక్... ఆయనకి కాదులెండి.

అన్నట్టు, ఉప్పల్‌లో బండిని పక్కకి తోసిన ఇద్దరు లారీ అబ్బాయిల్లో ఎవరిదో పసుపురంగు టార్చి లైటు డిక్కీలో ఉల్లిగడ్డ బస్తా కింద దొరికింది. సెల్లులు వేసి చూశా, వెలుగుతోంది. కౌంటర్‌లో పెట్టి ఉంచుతున్నా, వచ్చి తీసుకెళ్లండి. భోజనం చేసి వెళ్లండి.