పాత సిరాకు జోడీ కుదరాలంటే సీసా మీది పేరు చాలదు

సంపాదకులకు,

తయారీ ఆగిపోయిన ఫౌంటెన్ పెన్ను సిరాల రంగుకు ఇప్పటి సిరాల్లో జోడీ వెతకడం గురించి మీ పత్రికలో వచ్చిన వ్యాసం బాగుంది. కానీ చివర్లో ఇచ్చిన సలహాతోనే పేచీ. అదే కంపెనీ ఇప్పుడు అమ్ముతున్న దగ్గరి పేరున్న రంగు తీసుకుంటే సరిపోతుందని నమ్మితే సీసాల మీద సీసాలు కొనడమే మిగులుతుంది. పేరు అలాగే ఉండి లోపలి సరుకు మారడం, సరుకు అలాగే ఉండి పేరు మారడం, రెండూ ఇక్కడ మామూలే. వాటర్‌మన్ ఫ్లోరిడా బ్లూ పేరు ఇప్పుడు సెరెనిటీ బ్లూ. సౌత్ సీ బ్లూ ఇన్‌స్పైర్డ్ బ్లూ అయింది, బ్లూ-బ్లాక్ మిస్టీరియస్ బ్లూ అయింది. వీటికి జోడీ వెతకాల్సిన పనే లేదు. లామీ బ్లూ-బ్లాక్ సంగతి దీనికి తలకిందులు: ఒకప్పుడు ఇనుము కలిసిన సిరా, ఇప్పుడు అదే పేరుతో వచ్చేది మామూలు అద్దకపు సిరా. పార్కర్ క్వింక్ పేరు 1931 నుంచి నడుస్తోంది. ఇన్నేళ్లలో ఆ చీటీ కింద వచ్చిన నీలాలన్నీ ఒకటేనని అనుకోకూడదు.

ముందు తేల్చుకోవాల్సింది, జోడీ కావాల్సింది ఏ రంగుకు అన్నది. పాత ఉత్తరంలో ఇప్పుడు కనిపిస్తున్న రంగుకా, దాన్ని రాసిననాటి రంగుకా? చాలామంది ఈ ప్రశ్న వేసుకోకుండానే సీసా అడుగున మిగిలిన సిరాను నమూనాగా పెట్టుకుంటారు. మూత ఎంత బిగుతుగా ఉన్నా దశాబ్దాల్లో నీరు ఆవిరై సిరా చిక్కబడుతుంది. కొన్ని అద్దకాలు విరిగిపోతాయి, కొన్ని మడ్డిగా అడుక్కి చేరతాయి. సీలు విప్పని సీసాలో మట్టం దిగి ఉంటే దిగిన మేరకు డిస్టిల్డ్ వాటర్ కలిపి చూడొచ్చు. చిక్కదనం సర్దుకుంటుంది గానీ విరిగిన అద్దకం తిరిగి రాదు. ఆ సిరాను మంచి పెన్నులో మాత్రం నింపకండి. తీగలు సాగినా, పైన పొరలా తేలినా అది బూజే. ముంచి రాసే పాళీతో నాలుగు గీతలు గీసి సీసా మూసేయాలి.

పాత రాతే నమూనా అయితే వెలుతురు తగిలిన పేజీ పనికిరాదు. మూసిపెట్టిన నోటుపుస్తకం మధ్య పేజీల్లో కుట్టుకు దగ్గరగా ఉన్న అక్షరాలు చూడాలి. అక్షరంలోనూ గీత ఆగిన చోట, సిరా బొట్టుగా నిలిచి ఆరిన చోట రంగు ఎక్కువ మిగులుతుంది. సన్నగీత మధ్యభాగం తొందరగా వెలుస్తుంది.

పోల్చడానికి ఉత్త కళ్లు చాలవు, చుట్టూ ఉన్న కాగితం రంగు కంటిని మోసం చేస్తుంది. బూడిదరంగు అట్టముక్కలో 6 మి.మీ. రంధ్రాలు రెండు పక్కపక్కనే పొడవండి. ఒక దాని కింద పాత గీత, రెండో దాని కింద కొత్త గీత పెట్టి చూడండి. ఇప్పటి తెల్లకాగితాల్లో చాలావాటికి మెరుపు రసాయనం ఉంటుంది, దాని వల్ల నీలాలు ఉన్నదానికంటే చల్లగా కనిపిస్తాయి. అందుకని వీలైతే ఆ పాత నోటుపుస్తకంలోని ఖాళీ పేజీ ముక్క మీదే కొత్త సిరాతో రాయాలి. నేరుగా ఎండ పడని కిటికీ దగ్గర ఒకసారి, రాత్రి పసుపు బల్బు కింద ఒకసారి చూడండి. పగలు అచ్చు గుద్దినట్టున్న రెండు నీలాల్లో ఒకటి బల్బు కింద ఊదాకు, ఇంకొకటి ఆకుపచ్చకు తిరగొచ్చు. రెండింటిలోని అద్దకాలు వేరు కాబట్టి అవి కాంతిని మింగే తీరూ వేరు. ఫోన్ ఫొటోలతో తీర్పు చెప్పడం మరీ దండగ. కెమెరా ఎప్పటికప్పుడు తెలుపును తనకు తోచినట్టు సర్దుతుంది, వాలుగా చూస్తేనే కనిపించే ఎర్రమెరుపును స్కానర్ పట్టలేదు.

రాసిన వెంటనే తీర్పు చెప్పకండి, కనీసం 24 గంటలు ఆగాలి. మిస్టీరియస్ బ్లూ మొదట ముదురునీలంగా ఉండి, ఆరాక కొన్ని రోజుల్లో నెమలికంఠం వైపు జరుగుతుంది. తడి రాతకు జోడీ కుదిర్చి సంబరపడితే వారానికే తేడా బయటపడుతుంది.

సిరాలు కలపడానికి ముందు పెన్ను మార్చి చూడండి. ఇది చెబితే ఎవరికీ నచ్చదు గానీ, చాలా కేసులు ఇక్కడే తేలిపోతాయి. ధారాళంగా సిరా వదిలే వెడల్పు పాళీకి, పొదుపుగా వదిలే సన్నపాళీకి మధ్య ఒకే సిరా రెండు రంగులుగా కనిపిస్తుంది. ముంచి రాసే పాళీ మరీ ఎక్కువ సిరా దింపి రంగును ముదురు చేస్తుంది. దూదిపుల్లతో పూసిన నమూనా అసలు రాతలా ఉండనే ఉండదు. తొలి పరీక్షలకు ముంచే పాళీ చాలు, చివరి తీర్పు మాత్రం రోజూ వాడబోయే పెన్నుతోనే.

తర్వాత పాత సిరాలో ఏ అద్దకాలున్నాయో చూడాలి. ఎండిన పెచ్చు పెన్ను మూతలో దొరికినా చాలు, రెండు చుక్కల డిస్టిల్డ్ వాటర్‌లో కరుగుతుంది. కాఫీ ఫిల్టర్ కాగితాన్ని 2 సెం.మీ. వెడల్పు, 10 సెం.మీ. పొడవున కత్తిరించి, కింది అంచు నుంచి 2 సెం.మీ. పైన చిన్న చుక్క పెట్టి ఆరనివ్వండి. గ్లాసులో 1 సెం.మీ. నీళ్లు పోసి, చుక్క నీటికి తగలకుండా కాగితాన్ని నిలబెట్టండి. పావుగంటలో నీరు పైకి పాకుతూ అద్దకాలను విడదీస్తుంది. పక్కనే కొత్త సిరా చుక్కతో రెండో పట్టీ నిలబెడితే తేడా ఎదురుగా కనిపిస్తుంది: పాతదాంట్లో నీలం వెనక సన్నటి గులాబీ పట్టీ ఉంటే, కొత్తదాంట్లో ఆ గులాబీ లేకపోతే, ఆ నీలానికి ఎంత నలుపు కలిపినా పాత రంగు రాదు. ఇనుపసిరా అయితే బూడిదరంగు మరక చుక్క పెట్టినచోటే కదలకుండా ఉండిపోతుంది. ఆ మరక కనిపిస్తే మామూలు సిరాలతో తంటాలు పడకుండా ఆ జాతి సిరా వైపే వెళ్లాలి.

కలపడానికి చుక్కలు లెక్కపెట్టే పద్ధతి నమ్మదగ్గది కాదు. సిరాను బట్టి చుక్క పరిమాణం మారుతుంది. 100 గీతలున్న 1 మి.లీ. ఇన్సులిన్ సిరంజి వాడండి, ఒక్కో గీత 0.01 మి.లీ. సిరంజిలు సిరాకొకటి చొప్పున విడిగా ఉండాలి. ఉదాహరణకు షీఫర్ స్క్రిప్ పాత పీకాక్ బ్లూ లాంటి నెమలికంఠం రంగు కావాలంటే టర్కాయిస్ (ఆకుపచ్చ ఛాయ ఉన్న లేతనీలం) 80 గీతలు, నీలం 15, ఆకుపచ్చ 5తో మొదలుపెట్టండి. ఇది మొదలు మాత్రమే, అక్కడి నుంచి ఒక్కో విడతలో 5 గీతలకు మించి మార్చవద్దు. ఎప్పుడూ లేత సిరాలో ముదురు సిరా పోయాలి. తిరగేస్తే ఒక్క తప్పుకే గిన్నె నిండుతుంది. రంగు మరీ కొట్టొచ్చినట్టుంటే నలుపు వేయాలనిపిస్తుంది, వేస్తే ప్రాణం పోతుంది. నీలాన్ని అణచడానికి 2, 3 గీతల నారింజ-గోధుమ సిరా చాలు. ఛాయ కుదిరి ముదురు మాత్రమే ఎక్కువైతే డిస్టిల్డ్ వాటర్ పదో వంతు చొప్పున కలపండి. మూడో వంతుకు చేరేసరికి బూజు ఆపే మందు, పాళీలో సిరా సాగేలా చేసే పదార్థాలు కూడా పలచబడి, పెన్ను మొదటి గీతకే మొండికేస్తుంది. ఆ మొండితనం పోవాలని గిన్నెలు తోమే సబ్బుచుక్క వేస్తే అక్షరాల అంచులు కాగితమంతా పాకుతాయి.

కలిపిన సిరా ఎక్కడ విరుగుతుందో కూడా తెలిసుండాలి. కలపడానికి ఒకే కంపెనీ ఒకే వరుస సిరాలు క్షేమం. ప్లాటినం మిక్స్ ఫ్రీ వరుస కలపడం కోసమే చేసింది. ఇయోసిన్ అనే ఎర్ర అద్దకం ఆధారంగా చేసిన ఎరుపు, గులాబీ సిరాలు బాగా ఆమ్లగుణం ఉన్న సిరాలో పడితే అద్దకం ముద్దగా విడిపోతుంది. ఉతికితే పోయే నీలాల్లో ఉండే మిథైల్ బ్లూ అనే అద్దకం క్షారంలో వెలిసిపోతుంది. నూడ్లర్స్ బేస్టేట్ బ్లూ, ప్లాటినం కార్బన్ లాంటి రేణువుల సిరాలు, ఇనుపసిరాలు, ఈ మూడింటినీ ఇతర సిరాల్లో కలపొద్దు. మిశ్రమం 2 మి.లీ. గాజుసీసాలో వారం ఉంచి, వంచి అడుగు చూడండి. గాజుపలక మీద ఒక చుక్క ఆరనిచ్చి వెలుగుకు పట్టండి. గింజలు కనిపిస్తే అది ఫీడు (పాళీకి సిరా అందించే భాగం) సందుల్లోకి వెళ్లే సిరా కాదు.

ఇనుపసిరా గురించి రెండు మాటలు. అన్నభేది అనే ఇనుప లవణం, మాచికాయల నుంచి వచ్చే ఆమ్లం కలిసిన ఈ సిరా రాసేటప్పుడు నీలం. గాలి తగిలాక ఇనుము నల్లబడుతుంది, పైనున్న నీలి అద్దకం మెల్లగా వెలుస్తుంది. రోర్ అండ్ క్లింగ్నర్ సాలిక్స్, డయమైన్ రిజిస్ట్రార్స్, పెలికాన్ 4001 బ్లూ-బ్లాక్, ప్లాటినం బ్లూ-బ్లాక్ ఈ జాతివి. వీటిని రాసిన గంట తర్వాత, రోజు తర్వాత, వారం తర్వాత, ఇలా మూడుసార్లు పోల్చాలి. ఏళ్లు గడిచి గోధుమరంగుకు తిరిగిన దస్తావేజు రంగే కావాలంటే వీటితో రాదు, గోధుమ సిరాలోంచి కలుపుకోవాలి. పెన్నులో ఎండనివ్వకండి. ఎండితే పది పాళ్ల నీటికి ఒక పాలు తెల్ల వెనిగర్ పోసి కడిగి, తర్వాత మంచినీళ్లతో మళ్లీ బాగా కడిగేయండి. అమ్మోనియా ద్రావణం తగిలితే ఇనుము లోపలే గట్టిపడుతుంది.

ఎక్కువమంది అడిగేది పార్కర్ పెన్‌మన్ సఫైర్, 1990ల్లో వచ్చి ఆగిపోయిన గాఢనీలం. డయమైన్ మెజెస్టిక్ బ్లూ, ప్రైవేట్ రిజర్వ్ డీసీ సూపర్‌షో బ్లూ పేర్లు తరచూ వినిపిస్తాయి. ఛాయలో దగ్గరివే. కానీ ఆ సిరా అందం సగం ఎర్రమెరుపుది. ఆ మెరుపు అద్దకం కాగితం లోపలికి దిగక పైన పేరుకున్నప్పుడే వస్తుంది. పీల్చేసే కాగితం మీద ఏ సీసా కొన్నా రాదు, కాబట్టి డబ్బులు ముందు నునుపు కాగితానికి పెట్టడం తెలివి. అంత చిక్కటి సిరా ఆరడానికీ ఎక్కువసేపు పడుతుంది, పారదర్శకమైన పెన్నులకు మరక అంటుకుంటుంది. ఈ గుణాలు కూడా జోడీతోపాటే వస్తాయి.

అంతా కుదిరాక ఒకేసారి సీసాడు కలపకండి. 30 మి.లీ.తో ఆపి, గాజుసీసా మీద సిరాల పేర్లు, గీతల లెక్క, తేదీ రాసి అంటించండి. నెలకోసారి మూత తీసి వాసన చూడండి, తేడాగా ఉంటే పారబోసి కొత్తది కలపండి.

ఇట్లు,
మీ పాఠకుడు