నాణెం మీద రాసిన డబ్బు తిరిగి ఎవరిస్తారో కూడా రాయండి

ఎడిటర్ గారికి నమస్కారం,

కొత్త స్మారక నాణెం వచ్చినప్పుడల్లా మీ పేపర్లో ఫోటో వేస్తారు, ఎవరు రిలీజ్ చేశారు, ఎన్ని గ్రాములు, ఏ బొమ్మ ఉంది అన్నీ రాస్తారు, బాగానే ఉంటుంది. కానీ కొనేవాళ్ళకి అన్నిటికన్నా అవసరమైన సంగతి మాత్రం ఎప్పుడూ ఉండదు, దాని మీద రాసిన డబ్బు రేపు ఎవరైనా తిరిగి ఇస్తారా లేదా అన్నది. నేను కెనడాలో ఉంటాను, చాలా ఏళ్ళుగా వెండి కాయిన్స్ దాచుకునే అలవాటు ఉంది, ఇక్కడ మనవాళ్ళు కూడా చాలామంది వీటిని కొని పెట్టుకున్నారు కాబట్టి ఇది రాస్తున్నా.

2011లో ఇక్కడి రాయల్ కెనడియన్ మింట్, అంటే నాణేలు తయారుచేసే ప్రభుత్వ టంకశాల, ఒక స్కీమ్ పెట్టింది, 20 డాలర్లిస్తే 20 డాలర్ల వెండి కాయిన్ ఇచ్చేవాళ్ళు. మేపుల్ ఆకుల బొమ్మతో మొదలైంది. 7.96 గ్రాములు, 99.99 శాతం స్వచ్ఛమైన వెండి. పైన పైసా ఎక్కువ తీసుకునేవాళ్ళు కాదు. జనం ఎగబడ్డారు, ఎందుకంటే ఇందులో నష్టం అన్న మాటే లేదనిపిస్తుంది కదా, వెండి పెరిగితే లాభం, పెరక్కపోతే 20 డాలర్లు ఎటూ ఉన్నాయి, పిల్లల పుట్టినరోజుకి కవర్లో నోటు పెట్టే బదులు ఇది ఇద్దాం అని కొన్నవాళ్ళు, క్రెడిట్ కార్డు పాయింట్ల కోసం కొన్నవాళ్ళు, ఇండియా వెళ్ళేటప్పుడు తమ్ముడి పిల్లలకి, మేనకోడళ్ళకి తీసుకెళ్ళడానికి కొన్నవాళ్ళు, ఇలా అందరూ కొన్నారు. తర్వాత 50కి 50, 100కి 100, 2014లో 200కి 200 కూడా వచ్చాయి. వంద డాలర్ల దాని మీద అడవిదున్న బొమ్మ, చాలా అందమైన పని, అది మాత్రం ఒప్పుకోవాలి.

ఇప్పుడు లెక్క చూడండి. 7.96 గ్రాములంటే వెండి తూచే ఔన్సులో (31.1 గ్రాములు) పావు వంతు కన్నా కాస్త ఎక్కువ. అందులో ఉన్న వెండే 20 డాలర్లు చెయ్యాలంటే ఔన్సు వెండి దాదాపు 78 కెనడా డాలర్లు ఉండాలి. 2015 ప్రాంతంలో వెండి బాగా పడిపోయినప్పుడు ఆ కాయిన్‌లో ఉన్న వెండి ఐదారు డాలర్లకి మించి లేదు. అంటే మిగతా పద్నాలుగు డాలర్ల పైచిలుకు నిలబడింది కేవలం మింట్ మాట మీద. ఈ సంగతి కొన్నవాళ్ళలో ఎంతమందికి తెలుసు?

సరే మాటుంది కదా అని బ్యాంకుకి వెళ్తే అక్కడ అసలు కథ మొదలవుతుంది. నాకు తెలిసినవాళ్ళు ఒకాయన చేతిలో డబ్బు అవసరమై తను ఎప్పుడూ లావాదేవీలు చేసే బ్యాంకుకే ఈ కాయిన్స్ పట్టుకెళ్తే, కౌంటర్లో అమ్మాయి ముందు అటూ ఇటూ తిప్పి చూసింది, తర్వాత మేనేజర్ని పిలిచింది, ఆయన వచ్చి ఇవి మేం తీసుకోం అన్నాడు. ఇది చట్టబద్ధమైన డబ్బే కదా అని ఈయన, అయినా తీసుకోం అని వాళ్ళు. చట్టం కూడా ఈయనకి పెద్దగా సాయం చెయ్యదు. కెనడా కరెన్సీ యాక్ట్ ప్రకారం 10 డాలర్లు దాటిన కాయిన్ అయితే ఒక చెల్లింపుకి ఒక్కటే లీగల్ టెండర్, అంటే చెల్లింపుగా చట్టం ఒప్పుకునే డబ్బు. గుప్పెడు తీసుకెళ్ళి అప్పు తీరుస్తానంటే అవతలివాడు ఒప్పుకోవాల్సిన పని లేదు. అలాగని ఎవరూ వెనక్కి ఇవ్వలేదా అంటే అదీ కాదు, తిరిగొచ్చే ఈ ఫేస్ వాల్యూ (మీద రాసిన విలువకే అమ్మిన) కాయిన్స్ కోసం మింట్ తన వార్షిక లెక్కల్లో విడిగా అప్పు కింద చూపించాల్సి వచ్చింది. ఆ తర్వాత స్కీమే ఆగిపోయింది.

బ్రిటన్‌లో ఇంకా దారుణం. అక్కడి రాయల్ మింట్ 2013లో 20 పౌండ్లకి 20 పౌండ్ల వెండి కాయిన్ అని మొదలుపెట్టి, తర్వాత బిగ్ బెన్ బొమ్మతో 100 పౌండ్ల కాయిన్ కూడా అదే ధరకి అమ్మింది. వంద పౌండ్లు పెట్టి కొన్నవాళ్ళు బ్యాంకులకి తీసుకెళ్తే వద్దన్నారు. లీగల్ టెండర్ అంటే కోర్టు బాకీ తీర్చే విషయంలో ఉండే ఒక ఇరుకైన అర్థమేగానీ, షాపుగానీ బ్యాంకుగానీ తీసుకోవాలని రూల్ లేదని అప్పుడు వివరణ వచ్చింది. అమ్మకముందు చెప్పాల్సిన మాట కాదా అది?

జర్మనీ వాళ్ళు మాత్రం పద్ధతిగా చేశారు. 2002 నుంచి 10 యూరోల వెండి కాయిన్స్ 18 గ్రాములతో, 92.5 శాతం వెండితో మీద రాసిన విలువకే ఇచ్చారు, వెనక్కి తీసుకునేది కూడా వాళ్ళ సెంట్రల్ బ్యాంకే. వెండి బాగా పెరిగిన 2011లో మామూలు కాయిన్స్ రాగి నికెల్‌కి మార్చేశారు, మళ్ళీ 2016 నుంచి 20 యూరోలు చేసి వెండి తెచ్చారు. అంతకన్నా పాతది, 1974 దాకా తయారుచేసిన 5 మార్కుల (యూరోకి ముందు జర్మనీ డబ్బు) వెండి కాయిన్ కూడా ఇవాళ్టికీ మారుస్తారు, గడువు లేదు, 2.56 యూరోలు వస్తాయి. అందులో 7 గ్రాముల వెండి ఉంది కాబట్టి తెలిసినవాడెవడూ ఇవ్వడనుకోండి, కానీ ఇచ్చిన మాట మాత్రం అలాగే ఉంది, నాకు అదే గొప్పగా అనిపిస్తుంది.

ఇక మన దగ్గరికి వద్దాం. 2023 ఆగస్టు 28న రాష్ట్రపతి గారు ఎన్టీఆర్ శతజయంతి 100 రూపాయల నాణెం విడుదల చేశారు, మన హైదరాబాద్ మింట్‌లోనే తయారైంది, 35 గ్రాముల్లో సగం వెండి, అంటే 17.5 గ్రాములు. అప్పటి రేటుకి వెండి ఇంచుమించు 1,300 రూపాయలు, అమ్మిన ధర నాలుగు వేల పైమాటే. అభిమానంతో కొన్నవాళ్ళని నేనేమీ అనను, నేనూ తెప్పించుకున్నా, పెట్టెలో భద్రంగా ఉంది. కానీ దాని మీద 100 అని ఉంది, లోపల వెండి వేరే విలువ, కట్టింది ఇంకో విలువ, ఈ మూడూ పక్కపక్కన ఒక్క వార్తలో కూడా నాకు కనపడలేదు. అందుకే ఊళ్ళలో పెద్దవాళ్ళు ఇది గవర్నమెంట్‌ది కదా, ఎప్పుడైనా ఇచ్చేస్తే మన డబ్బులు మనకొస్తాయి అనుకుంటున్నారు. రావండీ.

అందుకని మీకు నా విన్నపం, ఇకమీద ఏ నాణెం వార్త వేసినా కింద చిన్న బాక్సు పెట్టండి, ముద్రించిన విలువ ఎంత, ఆరోజు రేటుకి వెండి ఎంత, అమ్మే ధర ఎంత, వెనక్కి ఎవరు తీసుకుంటారు. చివరిది తెలీకపోతే మింట్ వాళ్ళని అడిగి వాళ్ళ జవాబు వెయ్యండి.

ఇంకొక్కటి. 1969లో గాంధీ గారి శతజయంతికి వచ్చిన 10 రూపాయల బిళ్ళ మన ఇళ్ళల్లో ఇంకా బోలెడు ఉంటాయి, బీరువాల్లో, దేవుడి గూళ్ళలో. అది 15 గ్రాములు, 80 శాతం వెండి, అంటే 12 గ్రాములు. కిలో వెండి లక్ష అనుకున్నా వెయ్యి రూపాయల పైనే. దాన్ని పాత వెండి కింద పట్టీలతో కలిపి తూకం వేయించి, తరుగు పోగా వచ్చింది తీసుకునేవాళ్ళు చాలామంది ఉన్నారు. అమ్మేముందు కనీసం విడిగా తూకం వేయించండి, వెండి శాతం ఎంత కడుతున్నారో అడగండి, వీలైతే కాయిన్స్ కొనేవాళ్ళకి ఒకసారి చూపించండి.

ఇట్లు
మీ పాఠకుడు,
మిస్సిసాగా, కెనడా